పిల్లల్ని ఊరికి పంపాలా, నాయనమ్మే పట్నం రావాలా?

చిన్న పిల్లల తల్లికి పెద్ద రోగమేదో ఉందని అనుమానం వచ్చిందంటే మా నల్లగొండ వైపు ముందు మోగేది నాయనమ్మ ఫోనో, అమ్మమ్మ ఫోనో. "పిల్లల్ని తీస్కపోతరా అత్తమ్మా?" అని అటునుంచి. "ఆగు బిడ్డా, నేనే వస్త" అని ఇటునుంచి. ఏది మేలో కూర్చుని మాట్లాడుకునే తీరిక అప్పుడు ఎవరికీ ఉండదు. ఎవరు ముందు బస్సెక్కితే అదే నిర్ణయమైపోతుంది. అంగన్‌వాడీ టీచరుగా ఉన్నప్పుడు ఇలా అమ్మమ్మల కొంగు పట్టుకుని మా సెంటర్‌కు వచ్చిన పిల్లల్ని చాలామందిని చూశాను. తర్వాత మా కోడలికి రొమ్ములో గడ్డ కనబడినప్పుడు బ్యాగు సర్దుకునే వంతు నాకూ వచ్చింది. ఆ రెండు అనుభవాలతో చెబుతున్న మాటలివి.

ముందు ఒక మాట. గడ్డలోంచి తీసిన ముక్క పరీక్షకిచ్చి రిపోర్టు కోసం ఎదురుచూసే రోజుల్లో పిల్లల్ని ఎక్కడికీ కదపొద్దు. రొమ్ములో వచ్చే గడ్డల్లో ఎక్కువ శాతం క్యాన్సర్ కాదు. రిపోర్టు మంచిగా వస్తే పిల్లవాడు ఉత్త పుణ్యానికి బడి మానుకుని, అమ్మను వదిలి ఊరు చూసొచ్చినట్టవుతుంది. ఈ దశలో పెద్దవాళ్ళెవరో ఒకరు వచ్చి ఇంట్లో కూర్చుంటే చాలు. వాళ్ళు చేయాల్సిన పని కూడా పెద్దగా ఉండదు. వేళకింత వండి, కోడలి ముందు ఏడవకుండా ఉండాలి. రెండోది కష్టం.

అసలు లెక్క రోగం తేలిన తర్వాత మొదలవుతుంది.

ఊరికి పంపడంలో ఉన్న సుఖం చిన్నది కాదు. నాయనమ్మ తన వంటింట్లో, తన మనుషుల మధ్య ఉంటుంది. పిల్లవాడు ఏడిస్తే నాలుగిళ్ళవాళ్ళు పలుకుతారు. తాత వెంట బర్రెల దగ్గరికి, బత్తాయి తోటకు తిరిగితే పొద్దు తెలియదు. మూడేళ్ళు దాటిన పిల్లలుంటే అంగన్‌వాడీ టీచరుతో మాట్లాడండి. చుట్టపుచూపుగా వచ్చిన పిల్లలనైనా కూర్చోబెట్టుకుని అన్నం, గుడ్డు పెట్టడం మాకు కొత్తేమీ కాదు. ఇక పాలమూరు వైపైతే అవ్వా తాతలు పిల్లల్ని సాకడం తరాల నుంచీ ఉన్నదే. తల్లిదండ్రులు ముంబైకో, పుణెకో మట్టి పనికి పోతే పిల్లలు ఊళ్ళో ముసలివాళ్ళ దగ్గరే పెరిగారు. "మేం ఎంతమందిని పెంచలే?" అని వాళ్ళు ధైర్యంగా అనేది అందుకే.

కానీ వలసకు, దవాఖానకు తేడా ఉంది. వలసపోయిన అమ్మ పండక్కి వస్తుందని పిల్లలకు తెలుసు. ఇక్కడ అమ్మ మంచమెక్కిన రోజే తనను ఇంట్లోంచి పంపించారు. మూడేళ్ళవాడు ఈ రెంటినీ కలుపుకుని తనేదో తప్పు చేశాననుకుంటాడు. మా సెంటర్‌లో అట్లాంటి పిల్లలు గోల చేసేవాళ్ళు కాదు, మరీ బుద్ధిగా ఉండేవాళ్ళు. గుడ్డు జేబులో దాచుకునేవాళ్ళు. టీచరుకు అదే బుగులు.

ఊళ్ళో ఇంకో చిక్కు, ఇల్లు పసిపిల్లల ఇల్లు కాకపోవడం. పత్తికి కొట్టే మందు డబ్బా ఏ మూలనో ఉంటుంది, సంపు మూత సగం తీసి ఉంటుంది. అందరూ మరిచిపోయేది తాతగారి షుగరు గోళీలు. గ్లిమెపిరైడ్ లాంటివి ఒక్కటి మింగినా చిన్న పిల్లల్లో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు, అదీ కొన్ని గంటలు ఆలస్యంగా. దిండు కింద గోళీల కవరు పెట్టుకునే అలవాటు ముసలివాళ్ళం మానాలి. మింగాడని అనుమానం వస్తే బాగానే ఆడుతున్నాడు కదా అని చూస్తూ కూర్చోకుండా దవాఖానకు ఎత్తుకుపోవాలి. పత్తి ఏరే కాలంలోనైతే ఇంకో కష్టం. కూలీలు దొరకరు, నాయనమ్మే చేలోకి పోవాలి. అప్పుడు పిల్లవాణ్ణి చూసేది ఎవరు?

నీళ్ళ సంగతీ చెప్పాలి. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి, చండూరు వైపు బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎంతమంది కాళ్ళూ చేతులూ వంచిందో ఇక్కడివాళ్ళకు చెప్పనక్కర్లేదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే అవి తాగే నీళ్ళు కావు. ఎనిమిదేళ్ళలోపు పిల్లలకు లోపల శాశ్వత పళ్ళు తయారవుతుంటాయి కాబట్టి మచ్చలు పడే ప్రమాదం వాళ్ళకే ఎక్కువ. మరగబెడితే ఫ్లోరైడ్ పోదు, నీళ్ళు ఇగిరిన కొద్దీ చిక్కబడుతుంది. 2015లో చౌటుప్పల్‌లో పైలాన్ కట్టి మొదలుపెట్టిన మిషన్ భగీరథ వచ్చాక చాలా ఊళ్ళకు కృష్ణా నీళ్ళు అందాయి. ఆ నల్లా నీళ్ళే పట్టాలి, వంటకు కూడా. వారం పది రోజులకు భయం లేదు గానీ నెలల తరబడి ఉంచేటట్టైతే నల్లా రాని రోజు ఏం తాగిస్తారో ముందే అడగండి.

ఇక నాయనమ్మే పట్నం రావడం. పిల్లవాడి పక్క, బడి, చెప్పులు విడిచే చోటు ఏదీ మారదు. సాయంత్రానికి అమ్మ ముఖం కనిపిస్తుంది. నీరసంగా ఉన్నా కనిపిస్తుంది. నన్నడిగితే నాలుగేళ్ళలోపు పిల్లలకు దీనికి మించినది లేదు. దీని ఖర్చంతా పెద్దవాళ్ళ మీద పడుతుంది, అది చెప్పకుండా ఊరుకోవడం న్యాయం కాదు. వనస్థలిపురంలో మూడో అంతస్తు, లిఫ్టు లేదు, మోకాళ్ళు సహకరించవు. రెండేళ్ళవాడు మెట్ల దగ్గరికి ఉరికితే పట్టుకునే శక్తి ఉండాలి. ఊళ్ళో తాత ఒక్కడే బర్రెలతో మిగులుతాడు. పొద్దున అన్నం, రాత్రికి అదే అన్నం. ఆయన బీపీ గోళీ వేసుకున్నాడో లేదో అడిగే మనిషుండదు. కోడలి రోగం నయమయ్యే లోపు తాత దవాఖానలో పడ్డ ఇళ్ళు నాకు తెలుసు.

దీనికి కొంత ఊరట ఆర్టీసీ బస్సు. 2023 డిసెంబర్ 9 నుంచి మన రాష్ట్రం ఆడవాళ్ళకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో టికెట్‌కు డబ్బులు లేవు. తెలంగాణ చిరునామా ఉన్న ఆధార్ కార్డు చూపిస్తే చాలు. నల్లగొండ నుంచైనా, మహబూబ్‌నగర్ నుంచైనా పట్నం వంద కిలోమీటర్లే. కొడుకుకు సెలవున్న శని, ఆదివారాలు ఊరికి పోయి, తాతకు నాలుగు రోజులకు సరిపడా పచ్చడి నూరిపెట్టి, సోమవారం పొద్దున్నే తిరిగి రావొచ్చు.

అయినా ఏ వైద్యం జరుగుతోందన్నదాన్ని బట్టి తూకం మారుతుంది. ఆపరేషన్ మాత్రమే అయితే నాయనమ్మ రావడమే మేలు. దవాఖానలో ఉండేది కొద్ది రోజులే, ఇంటికొచ్చాకే అసలు పని. ఆపరేషన్ అయిన వైపు చేత్తో బరువెత్తొద్దంటారు, చిన్నవాడేమో ఎత్తుకోమని ఏడుస్తాడు. అమ్మను కూర్చోబెట్టి, వాణ్ణి రెండో వైపు పక్కన కూర్చోబెట్టడానికి మూడో మనిషి కావాలి.

కీమో సంగతి వేరు. చాలావరకు 21 రోజులకొకసారి ఎక్కిస్తారు. ఎక్కించాక ఏడు నుంచి పద్నాలుగు రోజుల మధ్య తెల్ల రక్తకణాలు బాగా తగ్గుతాయి. బడి నుంచి పిల్లలు మోసుకొచ్చే జలుబు, జ్వరం, ఆటలమ్మ అప్పుడు తల్లికి చాలా ప్రమాదం. ఆ వారం బడిలో ఆటలమ్మ తిరుగుతోందని తెలిస్తే, ఆరోగ్యంగా ఉన్న పిల్లల్ని ముందుగానే ఊరికి పంపడం మంచిదే. "ఇన్ని నిద్రలైనాక వస్తవ్" అని వేళ్ళ మీద లెక్క చూపించి పంపాలి. ఇప్పటికే జ్వరమొచ్చిన పిల్లవాణ్ణి బస్సెక్కించొద్దు. నాయనమ్మే వాణ్ణి పక్క గదిలో పడుకోబెట్టుకోవాలి.

అమ్మతో సహా అందరూ ఊరికి పోవడమనే మూడో దారీ ఉంది. కీమోకు, కీమోకు మధ్య అది హాయిగానే ఉంటుంది. ఒకటే షరతు. ఆ రోజుల్లో తల్లికి 100.4 డిగ్రీల జ్వరం తగిలితే తెల్లారేదాకా ఆగకూడదు, వెంటనే వైద్యం చేస్తున్న దవాఖానకు ఫోన్ చేసి బయలుదేరాలి. నల్లగొండ, మహబూబ్‌నగర్ పట్టణాల్లో మెడికల్ కాలేజీ దవాఖానలున్నాయి కాబట్టి అక్కడ ఇల్లున్నవాళ్ళకు ఈ దారి పనికొస్తుంది. దేవరకొండ అవతలి తండాకు, అచ్చంపేట అడవి అంచు ఊళ్ళకు నేనైతే వద్దంటాను.

రేడియేషన్‌ను మనవాళ్ళు కరెంటు పెట్టడం అంటారు. వారానికి అయిదు రోజుల చొప్పున సాధారణంగా మూడు నుంచి అయిదు వారాలు రోజూ పోయిరావాలి. రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ దవాఖాన లాంటి చోట సగం రోజు అక్కడే గడుస్తుంది. ఊళ్ళో చుట్టాలు ఈ మాట వినగానే "పిల్లల్ని దగ్గరికి రానీయకుర్రి" అంటారు. బయటి నుంచి యంత్రంతో పెట్టే రేడియేషన్ ఒంట్లో ఏమీ మిగలదు, పిల్లవాణ్ణి నిశ్చింతగా ఒళ్ళో కూర్చోబెట్టుకోవచ్చు. ఆ భయంతో పిల్లల్ని ఊరికి పంపడం ఉత్త అన్యాయం. థైరాయిడ్ క్యాన్సర్‌కు మందుగా తాగించే రేడియో అయోడిన్ మాత్రం దీనికి పూర్తిగా భిన్నం. దాని తర్వాత డాక్టర్ చెప్పినన్ని రోజులు చిన్న పిల్లలు దూరంగా ఉండాల్సిందే. అక్కడ రెండో ఆలోచన లేదు, ఊరే మేలు.

పెద్దదాన్ని బడి కోసం ఇక్కడుంచి, చిన్నవాణ్ణి అమ్మమ్మ దగ్గరికి పంపే ఏర్పాటు నాకు బొత్తిగా నచ్చదు. అమ్మ సగం దూరమైన వేళ పిల్లలకు మిగిలేది ఒకరికొకరే. పంపితే ఇద్దర్నీ పంపండి. వెంట టీకాల కార్డు పెట్టండి. ఏడాదిన్నర టీకాలైనా, అయిదేళ్ళ బూస్టరైనా ఊళ్ళో టీకాలేసే నర్సు ఏఎన్‌ఎమ్మే వేస్తుంది. వీడియో కాల్ పడుకునే ముందు చేయొద్దు. అప్పుడు చేస్తే రాత్రంతా ఇద్దరూ ఏడుస్తారు, అటు తల్లి, ఇటు పిల్లవాడు. సాయంత్రం ఆటయ్యాక చేస్తే రెండు మాటలు చెప్పి వాడే ఉరుకుతాడు.

వైద్యం నెలలు సాగేటట్టుంటే ఒక్క నాయనమ్మ వల్ల కాదు, అమ్మమ్మ కూడా కావాలి. మా వియ్యపురాలిది జడ్చర్ల వైపు. మేమిద్దరం ఒకే వంటింట్లో ఇమడలేమని మొదటి రోజే ఇద్దరికీ అర్థమైంది, ఆమెకు రాత్రికి జొన్నరొట్టె ఉండాల్సిందే, నాకు అన్నం లేనిదే నిద్ర రాదు. అందుకే పదిహేను రోజులు ఆమె, పదిహేను రోజులు నేను అని వంతులు పెట్టుకున్నాం. వంతు మారే రోజు మాత్రం సగం పూటైనా ఇద్దరం కలిసి ఉండేవాళ్ళం. ఏ గోళీ ఎప్పుడో, పిల్లవాడు దేనికి అలిగి ఉన్నాడో, బడి డైరీలో ఏం రాశారో ఎదురెదురుగా కూర్చుని అప్పజెప్పుకుని, ఆ తర్వాతే ఒకరు బస్సెక్కేవాళ్ళం.