టూ వీల్ డ్రైవ్ జీపును ఫోర్ వీల్ డ్రైవ్‌గా మార్పించాక పదమూడేళ్ళ వాడకం

నర్సీపట్నం దాటి చింతపల్లి వైపు వెళ్తుంటే, ఘాట్ రోడ్డు మొదలయ్యే చోటికి కొంచెం ఇవతల కొండ వాలులో మాకు జీడితోట ఉంది. తారురోడ్డు వదిలిన తరువాత తోటలోని పాక చేరడానికి రెండున్నర కిలోమీటర్ల బండి దారి, మధ్యలో ఒక గెడ్డ (వాగు), గెడ్డ దాటగానే నిటారుగా ఎర్రమట్టి ఎక్కుడు ఉన్నాయి. నా దగ్గరున్నది 1998 నాటి మహీంద్రా కమాండర్, 2523 సీసీ డీఐ ఇంజను, వెనక చక్రాలకు మాత్రమే లాగుడు ఉన్న బండి. వేసవిలో దానికి లోటేమీ ఉండేది కాదు. జూన్ రెండో వారం నుంచి దసరా దాకా మాత్రం ఆ ఎక్కుడు మొదట్లోనే వెనక చక్రాలు ఉన్నచోటే తిరిగి, గుంట తవ్వుకుని కూర్చునేవి. ఎరువు బస్తాలు దించి, కూలీలచేత తోయించి, మళ్ళీ బస్తాలు ఎక్కించి వెళ్ళిన రోజులు చాలా ఉన్నాయి. చివరకు 2011 వేసవిలో దాన్ని ఫోర్ వీల్ డ్రైవ్‌గా మార్పించాను. ఆ తరువాత ఎనిమిదేళ్ళు రోడ్డు మీద, తోటలో కలిపి 58 వేల కిలోమీటర్లు తిరిగింది. 2019 నుంచి తోటలోనే పనిచేస్తోంది కనుక అప్పటినుంచి లెక్క కిలోమీటర్లలో కాక గంటల్లో చెప్పుకోవాలి.

మహీంద్రా సంస్థ 1947లో విల్లీస్ జీపుల బిగింపుతో ఈ వ్యాపారంలోకి వచ్చింది. ఆ వంశంలో పుట్టిన పాత జీపుల్లో టూ వీల్, ఫోర్ వీల్ రెండు రకాల బండ్లకూ ఛాసిస్, ఇంజను, కమాన్లు (స్ప్రింగు పట్టీలు) చాలావరకు ఒకే తీరుగా ఉంటాయి. అందుకే ఈ మార్పు సాధ్యమవుతుంది, అందుకే చూడ్డానికి తేలికగా కూడా కనిపిస్తుంది. ముందు చక్రాలకు ఒక యాక్సిల్ తగిలించి, మధ్యలో ట్రాన్స్‌ఫర్ కేసు (గేర్‌బాక్సు లాగుడును ముందు, వెనక యాక్సిళ్ళకు పంచే గేర్ల పెట్టె) పెట్టి, రెంటినీ ఒక ప్రొపెల్లర్ షాఫ్టుతో (లాగుడును అందించే పొడవాటి తిరిగే కడ్డీతో) కలిపితే సరిపోతుందని నేను అనుకున్నాను. నాకు లెక్క చెప్పిన మొదటి షెడ్డువారు కూడా అలాగే చెప్పారు. ఆ లెక్కలో వెనక యాక్సిల్ ఊసే లేదు. అసలు ఖర్చంతా అక్కడే దాగి ఉంది.

ఆ పాత జీపుల్లో వాడిన డానా 18 రకం ట్రాన్స్‌ఫర్ కేసులో వెనక్కి వెళ్ళే షాఫ్టు బండి నడిమధ్యనుంచి కాక ఒక పక్కకు జరిగి బయటికి వస్తుంది. అందువల్ల ఫోర్ వీల్ జీపుల వెనక యాక్సిల్‌లో డిఫరెన్షియల్ (షాఫ్టు లాగుడును రెండు వైపులకూ పంచి, రెంటినీ వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే గేర్ల జోడింపు) కూడా అదే పక్కకు జరిగి ఉంటుంది. టూ వీల్ బండిలో గేర్‌బాక్సు నుంచి షాఫ్టు నేరుగా వెనక్కి వెళ్తుంది కాబట్టి అక్కడ డిఫరెన్షియల్ నడిమధ్యలో ఉంటుంది. ఈ రెంటినీ అలాగే కలిపితే షాఫ్టు అడ్డంగా వాలి తిరుగుతూ, యూజే క్రాసులను (షాఫ్టు చివర్లలోని కీళ్ళను) నెలల్లోనే తినేస్తుంది. కనుక ముందు యాక్సిల్ కొనబోయిన నేను వెనక యాక్సిల్ కూడా కొనవలసి వచ్చింది. గేర్‌బాక్సు సంగతీ అంతే. టూ వీల్ బండి గేర్‌బాక్సు వెనక భాగం, లోపలి మెయిన్ షాఫ్టు వేరే తీరువి కాబట్టి దానికి ట్రాన్స్‌ఫర్ కేసు తిన్నగా అతకదు. పాత గేర్‌బాక్సు విప్పి షాఫ్టు మార్పించడంకన్నా, ట్రాన్స్‌ఫర్ కేసుతో కలిసి ఉన్న గేర్‌బాక్సును జతగా కొనడమే చౌక అని మా మేస్త్రి గారు అన్నారు. ఆ ఒక్క సలహా నాకు కనీసం ఒక నెల మిగిల్చింది.

యాక్సిళ్ళు రెండూ విజయవాడ ఆటోనగర్‌లో పాత సామాన్ల దుకాణంలో కొన్నాను. రెండూ ఒకే బండివని అమ్మినవారు ఖాయంగా చెప్పారు. షెడ్డులో దించగానే మేస్త్రి గారు ఒక్క మాట కూడా మాట్లాడకుండా, వెనక యాక్సిల్‌ను రెండు దిమ్మల మీద పెట్టించి, ఒక చక్రం కదలకుండా కట్టేయించారు. షాఫ్టు తగిలించే చోట సుద్దముక్కతో గీత గీసి, రెండో చక్రాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పమని నాతో అన్నారు. ఒక చక్రం కదలకుండా ఉంటే రెండోది రెండు చుట్లు తిరిగినప్పుడు లోపలి క్రౌను (డిఫరెన్షియల్ పెద్ద గేరు) ఒక చుట్టు తిరుగుతుంది, ఆ ఒక్క చుట్టుకు పినియను (షాఫ్టుతో పాటు తిరిగే చిన్న గేరు) ఎన్ని చుట్లు తిరిగిందో అదే గేరు దామాషా. సుద్దగీత ఐదు చుట్లు పూర్తిచేసి, మూడో వంతు దాటాక ఆగింది. ముందు యాక్సిల్‌కు అదే పని చేస్తే గీత ఐదో చుట్టు పూర్తి కాకముందే ఆగిపోయింది. “బాబూ, ఇవి అన్నదమ్ములు కావు, ఏ ఊరికి ఆ ఊరివి,” అని ఆయన తేల్చేశారు. విప్పి పళ్ళు లెక్కపెడితే వెనకది 43కు 8, అంటే 5.38, ముందుది 39కి 8, అంటే 4.88. తేడా పది శాతం. ఆ రెంటినీ అలాగే బిగించి ఉంటే, నాలుగు చక్రాలూ కలిపిన క్షణం నుంచి ఒక జత పది చుట్లు తిరుగుతుంటే రెండో జత పదకొండు తిరగాలని పెనుగులాడేది, బండి కదిలేదికాదు లేదా ఏదో ఒకటి విరిగేది. దుకాణానికి ఫోన్ చేస్తే మార్చి ఇవ్వడం కుదరదన్నారు. వెనక యాక్సిల్‌లోకి 39కి 8 క్రౌను, పినియను జత వేరేగా కొని వేయించడానికి ఇంకో పదకొండు వేలు అయింది. పాత యాక్సిళ్ళు కొనేవారు ఎవరైనా సరే, డబ్బు ఇవ్వకముందే దుకాణంలోనే ఈ సుద్దగీత పరీక్ష చేసుకోవాలి.

మిగతా పని ఓపికకు సంబంధించినది. ట్రాన్స్‌ఫర్ కేసును మోయడానికి ఛాసిస్‌కు అడ్డబద్ద మార్చారు. ముందు షాఫ్టుకు దారి ఇవ్వడానికి సైలెన్సర్ పైపును వంచి పక్కకు తిప్పారు, ముందు కమాన్లకు ఒక్కో పట్టీ అదనంగా వేశారు. షాఫ్టులు రెండూ కొలత ప్రకారం కోయించి, అతికించి, బ్యాలెన్సింగ్ చేయించారు. నేల రేకుకు రంధ్రం కోసి రెండు కొత్త లివర్లు పైకి తెచ్చారు, ఒకటి ముందు చక్రాలను కలపడానికి, రెండోది ట్రాన్స్‌ఫర్ కేసులోని లో గేరుకు. ముందు చక్రాలకు ఫ్రీవీలింగ్ హబ్బులు పెట్టించాను. అవసరం లేనప్పుడు వాటిని చేత్తో తిప్పి విడదీస్తే ముందు యాక్సిల్ లోపలి షాఫ్టులు ఊరికే తిరగకుండా ఉంటాయి. ఇరవై రోజుల్లో అవుతుందన్న పని డెబ్బై రోజులు పట్టింది.

ఇక వాడకం సంగతి. మొదటి వానకాలంలోనే గెడ్డ ఎక్కుడు సమస్య తీరిపోయింది. ఆ విషయంలో ఎక్కువ చెప్పడానికి ఏమీ లేదు. లాగుడు నాలుగు చక్రాలకూ పంచుకుపోవడం వల్ల, ఇదివరకు వెనక చక్రాలు జారిన చోట బండి నడక వేగంతో నిశ్శబ్దంగా పైకి వెళ్ళిపోయేది. అయితే నేను నిజంగా కొన్నది ఏమిటో నాకు మూడేళ్ళ తరువాత తెలిసింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటినప్పుడు మా తోటలో నలభైకి పైగా జీడిచెట్లు వేళ్ళతో సహా పడిపోయాయి, దారి పొడవునా కొమ్మలే. జేసీబీలు అన్నీ ఊళ్ళకు, రోడ్లకు వెళ్ళిపోయాయి, మా తోటకు రావడానికి ఎవరికీ తీరిక లేదు. గొలుసు కట్టి, జీపును లో గేరులో పెట్టి, మొదటి గేరు వేసి క్లచ్ వదిలేశాను. యాక్సిలరేటర్ మీద కాలు పెట్టలేదు. ఇంజను గుడుగుడుమంటూ ఉంది, బండి తాబేలులా కదిలింది, కొమ్మలు నరికేసిన మాను దానివెంట జరుగుతూ వచ్చింది. డానా 18లో లో గేరు దామాషా 2.46. అంటే ఇంజను అదే వేగంలో ఉండగా చక్రాలు దాదాపు రెండున్నర రెట్లు నెమ్మదిగా, ఆ మేరకు బలంగా తిరుగుతాయి. తొమ్మిది రోజుల్లో దారి తెరుచుకుంది, క్లచ్ ప్లేటు వాసన ఒక్కసారి కూడా రాలేదు.

అప్పటినుంచి గమనిస్తే, నేను లివర్లు వేసిన పది సందర్భాల్లో ఏడెనిమిది లో గేరు కోసమే వేశాను. బురదలో నాలుగు చక్రాల లాగుడు కావలసిన రోజులు ఏడాదికి నలభై ఉంటాయేమో. బరువుతో దిగుడు దిగేటప్పుడు బ్రేకు మీద కాలు లేకుండా ఇంజనే బండిని పట్టి ఉంచడం మాత్రం ఏడాది పొడవునా అక్కరకొచ్చేది. ఈ ట్రాన్స్‌ఫర్ కేసులో ముందు చక్రాల లివరు వేయకుండా లో గేరు పడదు, లోపల ఒక అడ్డు ఉంటుంది. అంత బలమూ వెనక యాక్సిల్ ఒక్కదాని మీద పడకూడదని దాన్ని తయారుచేసినవారి ఉద్దేశం. కానీ హబ్బులు విడదీసి ఉంచి, రెండు లివర్లూ వేస్తే ముందు షాఫ్టు ఊరికే తిరుగుతుంది, లో గేరు వెనక చక్రాలకు మాత్రమే అందుతుంది. గట్టి నేల మీద మలుపులు తిప్పడానికి ఇది ఎంతో హాయిగా ఉంటుంది. ఆ హాయికి నేను మూల్యం కూడా చెల్లించాను. 2016లో జీడిపిక్కల బస్తాల ట్రాలీని అలా లాగుతుండగా వెనక ఎడమ యాక్సిల్ షాఫ్టు, కీ కూర్చునే గాడి దగ్గర, చెరుకుగడ విరిగినట్టు విరిగింది. తయారుచేసినవారు పెట్టిన అడ్డును తెలివిగా దాటినందుకు నన్ను నేనే అనుకోవాలి.

ఎండిన తారురోడ్డు మీద నాలుగు చక్రాలూ కలిపి నడపకూడదన్న మాట అందరూ చెప్తారు, ఎందుకో చెప్పరు. ఈ రకం బండిలో ముందు, వెనక షాఫ్టుల మధ్య డిఫరెన్షియల్ ఉండదు. మలుపులో ముందు చక్రాలు వెనక చక్రాలకన్నా ఎక్కువ దూరం తిరగాలి. బురదలోనైతే చక్రం కొంచెం జారి ఆ తేడాను సర్దుకుంటుంది, తారు మీద జారదు, ఆ బిగువంతా షాఫ్టుల్లో మెలిక పడి నిలిచిపోతుంది. మొదటి ఏడాది ఒకసారి గెడ్డ దాటి వచ్చి, లివరు తీయడం మరచి, రోడ్డు మీద రెండు మలుపులు తిరిగాను. తరువాత లివరు ఎంత లాగినా రాలేదు. భయపడి మేస్త్రి గారికి ఫోన్ చేస్తే నాలుగు గజాలు వెనక్కి పోనివ్వమన్నారు. వెనక్కి పోనివ్వగానే కింద టక్కుమని శబ్దం వచ్చి లివరు వేలితో తీసినంత తేలికగా వచ్చేసింది. ఇదే కారణంగా నాలుగు టైర్లూ ఒకే కొలతవి, ఒకేలా అరిగినవి అయి ఉండాలి. ముందు కొత్తవి, వెనక పాతవి వేసే అలవాటును నేను ఈ బండితోనే మానుకున్నాను.

లోట్లు లేకపోలేదు. తిప్పుకునే జాగా పెరిగింది. ఇదివరకు ఒక్క ఊపులో తిరిగే చోట ఇప్పుడు ఒకసారి వెనక్కి పోవాలి, ఎందుకంటే ముందు యాక్సిల్ చివర్లలోని జాయింట్లు పాత యాక్సిల్ తిరిగినంత కోణానికి తిరగవు. స్టీరింగు బరువెక్కింది. ట్రాన్స్‌ఫర్ కేసు నుంచి వచ్చే సన్నటి ఊళ అరవై కిలోమీటర్ల వేగంలో మాటలు వినపడనివ్వదు. లీటరుకు 13 కిలోమీటర్లు ఇచ్చిన బండి హబ్బులు విడదీసి ఉంచినా 11.5 దగ్గర నిలిచింది. ముందు చక్రాలు పక్కకు తిరిగే కీళ్ళ దగ్గరి నకల్ సీళ్ళనుంచి గ్రీజు కారడం ఎన్నిసార్లు బాగుచేయించినా రెండో వానకాలానికల్లా మళ్ళీ మొదలయ్యేది. గేర్‌బాక్సుకు, ట్రాన్స్‌ఫర్ కేసుకు మధ్య సీలు అరిగితే ఒకదాని ఆయిలు రెండోదానిలోకి పోతుంది. బయట ఒక్క చుక్క కారదు కాబట్టి తెలియదు, రెండింటి మట్టాలూ ఒకే రోజు చూసుకుంటే ఒకటి తగ్గి, రెండోది పెరిగి కనిపిస్తుంది. నెలకొకసారి ఈ రెండు బోల్టులు విప్పి, వేలు పెట్టి చూడని వాళ్ళు ఈ బండి పెట్టుకోకూడదు.

ఖర్చు 65 వేలన్నది చివరకు 1,18,000 దగ్గర తేలింది. నా పాత యాక్సిల్, గేర్‌బాక్సు అమ్మితే 14 వేలు వచ్చాయి. బండి అమ్మి, పై డబ్బు వేసి, ఫ్యాక్టరీనుంచే ఫోర్ వీల్ డ్రైవ్‌తో వచ్చిన పాత జీపు కొని ఉంటే ఇంచుమించు అంతే అయ్యేది, డెబ్బై రోజులూ మిగిలేవి. 2010లో కొత్తగా వచ్చిన థార్ అప్పట్లో నా చేతికి అందేది కాదు, నిజమే. కానీ పాత మహీంద్రా ఎంఎం 540 జీపులు ఉన్నాయి, నేను సరిగా వెతకలేదు.

అన్నిటికన్నా పెద్ద లోటు కాగితాలది. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షను ప్రకారం ఆర్సీలోని వివరాలు తయారీదారు ఇచ్చినవాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ మాటను గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్టానికి వచ్చిన సవరణ ప్రకారం, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఒక్కో మార్పుకు ఐదు వేల రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. 2011లో నేను ఇవేవీ తెలుసుకోలేదు, షెడ్డులో ఎవరూ అడగనూ లేదు. ప్రమాదం జరిగితే బీమా సొమ్ము చేతికి రాకపోవచ్చని తెలిశాక బండిని రోడ్డు ఎక్కించడం మానేశాను. సంతకు, పట్నానికి వేరే బండి పెట్టుకున్నాను.

మా పక్కతోట ఆయన తన స్కార్పియోకు ఇలాగే చేయించవచ్చా అని పోయినేడాది అడిగారు. ముందు చక్రాలు విడివిడిగా ఆడే అలాంటి బండ్లకు గొట్టంలాంటి యాక్సిల్ తెచ్చి తగిలించడం కుదరదు, ముందు భాగమంతా మార్చాలి. కాబట్టి ఫోర్ వీల్ డ్రైవ్‌తోనే వచ్చిన పాత స్కార్పియో వెతుక్కోమని, కొనేముందు లో గేరు వేసి చూడమని చెప్పాను. ఆయన కొన్నారు కూడా.

నా జీపు ప్రస్తుతం పాక పక్కన ఉంది. మూడో గేరులో ఊళతో పాటు గరగర శబ్దం వస్తోంది, ట్రాన్స్‌ఫర్ కేసులోని మధ్య షాఫ్టు బేరింగులు అరిగాయని మేస్త్రి గారి అబ్బాయి చెప్పాడు. బేరింగులు, సీళ్ళు, గాస్కెట్లు తెప్పించి అటక మీద పెట్టాను. పిక్కల ఏరుడు అయ్యాక, వానలు పడకముందే విప్పించాలి.