వచ్చిపోయే కరెంటు లోపం: స్కానరా, బీప్ టెస్టా, వోల్టేజ్ డ్రాపా, ఏది మేలు?

పూర్తిగా తెగిపోయిన వైరుతో పెద్ద చిక్కు లేదు. కరెంటు ఎక్కడిదాకా వస్తోందో, ఎక్కడ ఆగిపోతోందో చూసుకుంటూ పోతే సాయంత్రానికల్లా దొరుకుతుంది. ప్రాణం తీసేది వచ్చిపోయే లోపం. బాగా వేడెక్కాక ఇంజిన్ టక్కున ఆగిపోతుంది. పావుగంట పోయాక ఏమీ ఎరగనట్టు సెల్ఫ్ కొట్టగానే అందుకుంటుంది. బానెట్ ఎత్తి చూస్తే అంతా సవ్యంగానే ఉంటుంది. అలాంటప్పుడు చేతిలోకి ఏం తీసుకోవాలి? కారు కంప్యూటర్‌లోని లోపాల కోడ్‌లు చదివే స్కానరా, వోల్టులు, ఓమ్‌లు కొలిచే మల్టీమీటరా, వైర్లు తగిలించిన బల్బు లాంటి టెస్ట్ ల్యాంపా, వోల్టేజ్ మార్పును గీతగా చూపే ఆసిలోస్కోపా (స్కోప్)? లేక అనుమానం ఉన్న పార్టు మార్చేసి చేతులు దులుపుకోవాలా?

మామూలు కారు కన్నా స్పోర్ట్స్ కారులో ఈ బాధ ఎక్కువ. సస్పెన్షన్ బిగువుగా ఉంటుంది కాబట్టి రోడ్డు మీది ప్రతి కుదుపూ కనెక్టర్ల దాకా వెళ్తుంది. ఇంజిన్ సీట్ల వెనకే ఉండే కార్లలో వైరింగ్ ఎగ్జాస్ట్ వేడికి ఏళ్ల తరబడి మగ్గి పెళుసెక్కుతుంది. మొదటి తరం మాజ్డా ఎమ్ఎక్స్-5 లాంటి పాప్-అప్ హెడ్‌లైట్ల కార్లలో లైటు లేచినప్పుడల్లా, పడుకున్నప్పుడల్లా వైరు ఒకేచోట మడత పడుతుంది. ఆ కారుకు బ్యాటరీ డిక్కీలో ఉంటుంది కాబట్టి ముందు దాకా పొడవాటి కేబుల్ కూడా తప్పదు. 1953లో మొదలైన కార్వెట్‌కీ, పాత లోటస్ ఎలాన్‌కీ బాడీ ఫైబర్‌గ్లాస్. ఇనుప బాడీ అయితే దగ్గర్లో ఉన్న బోల్టుకి బిగిస్తే ఎర్త్ దొరికినట్టే. ఫైబర్‌గ్లాస్‌లో ప్రతి లైటుకీ ఎర్త్ కోసం విడిగా ఒక వైరు వెనక్కి రావాలి. వైరు పెరిగితే జాయింట్లు, జాయింట్లు పెరిగితే లూజ్ కాంటాక్టులు. పైగా వీటిలో చాలావరకు రోజూ తిరిగే బండ్లు కావు. నెలల తరబడి కవర్ కింద పడుండి చిలుము పట్టించుకుంటాయి.

నా తీర్పు ముందే చెప్పేస్తాను. ఒక్కటే ఎంచుకోమంటే వోల్టేజ్ డ్రాప్ టెస్ట్, అంటే కరెంటు పారుతుండగా దారిలో ఎన్ని వోల్టులు పోతున్నాయో కొలవడం. స్కానర్ వీధి చూపిస్తుంది గానీ ఇల్లు చూపించదు. బీప్ టెస్ట్‌ను ఈ పనిలో నమ్మితే మోసపోతాం. స్కోప్ గొప్పదే, దాని వంతు చివర్లో వస్తుంది. పార్టులు మార్చుకుంటూ పోవడం అన్నిటికన్నా ఖరీదైన పద్ధతి, ఒకే ఒక్క మినహాయింపుతో.

బీప్ టెస్టా, వోల్టేజ్ డ్రాపా?

రెండూ ఒకే మల్టీమీటర్‌తో చేసేవే. చాలామంది ముందు చేసేది బీప్ టెస్ట్. వైరు ఈ చివర ఒక ప్రోబ్ (మీటర్ ముల్లు), ఆ చివర ఒక ప్రోబ్, బీప్ మోగితే "వైరు బాగానే ఉంది" అని పక్కకెళ్లిపోతారు. ఇక్కడే దెబ్బతింటారు. ఓమ్స్‌లో (బీప్ కూడా ఈ నిరోధం కొలిచే అమరికే) పెట్టినప్పుడు మీటర్ వైరులోకి పంపే కరెంటు మహా అయితే ఒక మిల్లీ ఆంపియర్. పోగులన్నీ తెగి ఒక్క రాగి పోగు మిగిలినా అంత కరెంటు హాయిగా వెళ్తుంది, బీప్ మోగుతుంది. చాలా మీటర్లలో 20, 30 ఓమ్‌ల అడ్డు ఉన్నా ఆ శబ్దం వస్తుంది. అదే వైరు మీద 5 ఆంపియర్లు లాగే ఫ్యూయల్ పంపు పడితే పరిస్థితి వేరు.

లెక్క వేస్తే ఇంకా బాగా తెలుస్తుంది. 55 వాట్ల హెడ్‌లైట్ బల్బు 12 వోల్టుల దగ్గర దాదాపు 4.6 ఆంపియర్లు తీసుకుంటుంది. వెలుగుతున్నప్పుడు దాని నిరోధం 2.6 ఓమ్‌లు. ఎర్త్ బోల్టు దగ్గర తుప్పు వల్ల అర ఓమ్ అడ్డు వచ్చిందనుకోండి. ఆ అర ఓమే దాదాపు 2 వోల్టులు మింగేస్తుంది. బల్బుకి మిగిలేది 10. వెలుతురు దగ్గరదగ్గర సగానికి పడిపోతుంది. మరి ఓమ్స్‌లో ఆ అర ఓమ్‌ను పట్టగలమా అంటే, చవక మీటర్ ప్రోబ్ వైర్లు రెండూ ఒకదానికొకటి ఆనించినా అంతే చూపిస్తాయి. దొంగ మన జేబులోనే దాక్కున్నట్టు లెక్క.

వోల్టేజ్ డ్రాప్‌లో ఆ పప్పులుడకవు. లైటు వేసే ఉంచాలి. మీటర్‌ను డీసీ వోల్టుల్లో పెట్టి ఒక ప్రోబ్ బ్యాటరీ నెగటివ్ మీద ఆనించాలి, క్లాంప్ మీద కాకుండా సీసపు పోస్ట్ మీదే. రెండోది లైటు కనెక్టర్ వెనకవైపు నుంచి ఎర్త్ పిన్‌కి తగిలించాలి. 0.1 వోల్ట్ లోపు ఉంటే ఆ ఎర్త్ దారికి ఢోకా లేదు. 0.8, 1.2 అని చూపిస్తే మొదటి ప్రోబ్ కదపకుండా రెండోదాన్ని వెనక్కి తెచ్చుకుంటూ రావాలి. కనెక్టర్ ఇవతల, ఎర్త్ వైరు రింగు మీద, ఆ రింగు బిగించిన బోల్టు తల మీద, బోల్టు పక్కన పెయింట్ గీకిన ఇనుము మీద, చివరికి బ్యాటరీ క్లాంప్ మీద. రింగు మీద 1.1 ఉండి బోల్టు తల మీద 0.05 అయిందంటే మధ్యలో ఉన్నది ఆ రింగుకీ బోల్టుకీ మధ్య తుప్పే. ఇంక వేరే చోట వెతకక్కర్లేదు. పాజిటివ్ వైపూ ఇదే పద్ధతి, బ్యాటరీ పాజిటివ్ నుంచి ఫ్యూజు, రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపేది), స్విచ్ మీదుగా.

వచ్చిపోయే లోపమైతే ప్రోబులు అలాగే ఉంచి వైరింగ్‌ను జానెడు జానెడు చొప్పున మెల్లగా కదుపుతూ అంకె చూడాలి. మీటర్‌లో అతి తక్కువ, అతి ఎక్కువ అంకెలను గుర్తుంచుకునే మిన్-మ్యాక్స్ బటన్ ఉంటే ఇంకా మంచిది, కళ్లు వైరింగ్ మీదే ఉంచొచ్చు. చలిలోనో వేడిలోనో మాత్రమే వచ్చే లోపానికి హెయిర్ డ్రయ్యర్, ఫ్రీజ్ స్ప్రే సాయం తీసుకోవచ్చు. ఒకసారికి ఒక్క పార్టునే వేడి చేయాలి. లేకపోతే ఏది పలికిందో తెలియదు.

టెస్ట్ ల్యాంప్ సంగతేంటి?

పాతకాలపు సామానని తీసిపారేయకండి. డిజిటల్ మీటర్ కరెంటు దాదాపు తీసుకోదు కాబట్టి ఒక్క పోగు మీద వేలాడుతున్న వైరులోనూ నిండు 12 వోల్టులు చూపిస్తుంది. ఇండికేటర్‌లో వాడే 21 వాట్ల బల్బు మాత్రం 1.75 ఆంపియర్లు అడుగుతుంది, వైరులో సత్తువ లేకపోతే వెలగదు. అంటే బల్బు చేతిలో ఉందంటే లోడ్ (కరెంటు లాగేది) కూడా చేతిలో ఉన్నట్టే.

నాకు ఇంకా నచ్చే వాడకం ఒకటుంది. ఇంజిన్ రోడ్డు మీద ఆగిపోతుంటే రెండు చిన్న బల్బులు తీసుకుని, ఒకటి ఫ్యూయల్ పంపు రిలే అవుట్‌పుట్‌కి, ఇంకోటి ఇగ్నిషన్ సప్లైకి, మధ్యలో చిన్న ఫ్యూజు పెట్టి కలపాలి. వైర్లు లోపలికి తెచ్చి బల్బులు డాష్‌బోర్డ్ మీద టేపుతో అంటించాలి. ఇంజిన్ ఆగిన క్షణంలో ఏది ఆరిందో పక్క సీట్లో కూర్చున్నవాళ్లు చూసి చెప్తారు. రెండూ వెలుగుతూనే ఇంజిన్ ఆగిందంటే ఆ రెండు సప్లైలనూ అనుమానం నుంచి తప్పించొచ్చు. సరిగ్గా గట్టి మలుపుల్లోనే ఆగుతుంటే, ట్యాంకులో పెట్రోలు ఒక పక్కకి ఒరిగి పంపుకి అందక ఆగుతుండొచ్చు. దాన్ని కరెంటు లోపం అనుకుని వైరింగ్ అంతా విప్పినవాళ్లున్నారు.

ఎయిర్‌బ్యాగ్ వైర్ల మీద, ఇంజిన్ కంప్యూటర్ సిగ్నల్ వైర్ల మీద మాత్రం బల్బు పెట్టకూడదు. మొదటిది ప్రాణానికి ముప్పు, రెండోది కంప్యూటర్‌కి.

స్కానర్ ఎంతవరకు?

అమెరికాలో 1996 మోడల్ నుంచి ఓబీడీ-2 (కారు తన లోపాలను తానే కోడ్‌లుగా రాసుకునే పద్ధతి) తప్పనిసరి అయింది. యూరప్‌లో పెట్రోలు కార్లకు 2001 నుంచి. అంతకుముందు కార్లకి స్కానర్ తగిలించడానికి సాకెట్టే ఉండకపోవచ్చు. ఉన్న కార్లలోనూ పీ0335 అని కోడ్ వస్తే "క్రాంక్ సెన్సర్ పోయింది" అని చదువుకోవడమే పెద్ద పొరపాటు. ఆ కోడ్ చెప్పేది, ఇంజిన్ తిరుగుడును కంప్యూటర్‌కి తెలిపే క్రాంక్ సెన్సర్ సర్క్యూట్‌లో తేడా ఉందని. ఆ సర్క్యూట్‌లో సెన్సర్‌తో పాటు వైరు, కనెక్టర్, కంప్యూటర్ దాకా అన్నీ ఉన్నాయి. పైగా అర సెకను పాటు వచ్చిపోయే లోపానికి అసలు కోడే పడకపోవచ్చు.

అయినా స్కానర్‌కి రెండు మంచి ఉపయోగాలున్నాయి. ఒకటి ఫ్రీజ్ ఫ్రేమ్. కోడ్ పడిన క్షణంలో వేడి ఎంత, వేగం ఎంత, ఆర్‌పీఎమ్ ఎంత అనేది రాసి ఉంటుంది. లోపాన్ని మళ్లీ రప్పించడానికి ఏ పరిస్థితి కావాలో దాన్నిబట్టి తెలుస్తుంది. రెండోది గుంపు చూడటం. ఒకేసారి నాలుగైదు మాడ్యూళ్లు (కారులోని చిన్న కంప్యూటర్లు) యూ-కోడ్‌లు (ఒకదానితో ఒకటి మాట్లాడలేకపోతున్నామనే కోడ్‌లు) వేశాయంటే అన్నీ ఒక్కరోజే పాడైపోవు. వాటికి ఉమ్మడిగా ఉన్న ఎర్త్‌నో సప్లైనో బ్యాటరీనో పట్టుకోవాలి. నిండుగా ఛార్జ్ అయిన బ్యాటరీ, ఇంజిన్, లైట్లు ఆపి ఉన్నప్పుడు 12.6 వోల్టులు చూపించాలి. సెల్ఫ్ కొట్టినప్పుడు 9.6 కిందికి జారుతుంటే కంప్యూటర్లు వింతగా ప్రవర్తించడంలో ఆశ్చర్యం లేదు. ముందు దాన్ని సరిచేయకుండా ఏ కోడ్‌నీ నమ్మొద్దు.

ఓమ్స్‌ను ఇంతగా తిట్టాను కాబట్టి అది నెగ్గే చోటు కూడా చెప్పాలి. మాడ్యూళ్లు మాట్లాడుకునే క్యాన్ నెట్‌వర్క్‌కి రెండు చివర్లా 120 ఓమ్‌ల రెసిస్టర్లుంటాయి. బ్యాటరీ తీసేసి, గేట్‌వే మాడ్యూల్ అడ్డం లేని కార్లలో ఓబీడీ సాకెట్ 6, 14 పిన్‌ల మధ్య కొలిస్తే 60 ఓమ్‌లు రావాలి. వైరింగ్ కదుపుతుంటే అది 120కి ఎగిరిందా, ఒక చివర తెగి అతుక్కుంటోందన్నమాట. ఈ ఒక్క పనిలో వోల్టేజ్ డ్రాప్ కన్నా ఓమ్సే మేలు.

స్కోప్ ఎప్పుడు?

మామూలు మీటర్ సెకనుకి నాలుగైదు అంకెలు చూపిస్తుంది. మిల్లీసెకను పాటు పోయి వచ్చే సిగ్నల్ దాని కంటికి ఆనదు. స్కోప్‌కి ఆనుతుంది. కానీ స్కోప్‌కి అసలు విలువ తెచ్చేది వేగం కన్నా వరుస. రెండు ఛానళ్లు పెట్టి ఒకటి క్రాంక్ సిగ్నల్ మీద, ఇంకోటి ఆ సెన్సర్‌కి వచ్చే సప్లై మీద పెడితే, ముందు ఏది పడిపోయిందో గీతలో కనిపిస్తుంది. సప్లై ముందు కూలి సిగ్నల్ తర్వాత పోతే సెన్సర్ నిర్దోషి. చాలా కార్లలో 5 వోల్టుల సప్లైని కొన్ని సెన్సర్లు పంచుకుంటాయి, వాటిలో ఒకటి షార్ట్ అయితే మిగతావన్నీ దాంతోపాటు మునుగుతాయి. దీన్ని తేల్చడానికి స్కోప్‌ని మించింది లేదు. ఎర్త్ బోల్టు తుప్పు కోసం మాత్రం స్కోప్ తీయడం దండగ.

పార్టు మార్చడం

దీంట్లో ఒక మాయ ఉంది. కనెక్టర్ పిన్‌లకి చాలావరకు తగరం పూత ఉంటుంది. వైబ్రేషన్‌కి పిన్ వెంట్రుకవాసి జరుగుతూ ఉంటే ఆ పూత మీద సన్నటి ఆక్సైడ్ పొర పేరుకుని కాంటాక్ట్ పోతుంది. కొత్త సెన్సర్ బిగించడానికి కనెక్టర్ ఊడదీసి మళ్లీ గుచ్చితే ఆ పొర గీసుకుపోయి కాంటాక్ట్ బాగవుతుంది. పేరు కొత్త సెన్సర్‌కి వస్తుంది. కొన్ని వారాలకి లోపం తిరిగొస్తుంది. అందుకే ఏ కనెక్టర్‌నైనా ఊడదీయక ముందే, వెనకవైపు నుంచి కొలవాలి. ఊడదీశాక ఆడ పిన్‌లో మీటర్ ప్రోబ్ దూర్చడం ఇంకా చేటు, పిన్ వెడల్పయి కొత్త లూజ్ కాంటాక్ట్ తయారవుతుంది. అదే సైజు మగ పిన్ విడిగా ఒకటి పెట్టుకుని ప్రతి రంధ్రంలో దూర్చి లాగితే ఏది వదులుగా ఉందో వేళ్లకే తెలుస్తుంది.

మినహాయింపు రిలే. పోర్షే 944లోనూ, 911 కరెరా 3.2లోనూ డీఎమ్ఈ రిలే (ఇంజిన్ కంప్యూటర్‌కీ, ఫ్యూయల్ పంపుకీ కరెంటు ఇచ్చేది) లోపల టంకం పగిలి వేడికి ఇంజిన్ ఆగిపోవడం అందరూ ఎరిగిన జబ్బే. ఆ కార్లవాళ్లు డాష్‌బోర్డ్ పెట్టెలో ఒక రిలే అదనంగా ఉంచుకుంటారు. నిమిషంలో మారే పార్టు, కొలిచే శ్రమ కన్నా మార్చడమే తేలిక. ఫ్యూయల్ పంపు, కంప్యూటర్ విషయంలో ఈ తర్కం పనిచేయదు.

ఇదంతా 12 వోల్టుల సంగతి. నారింజ రంగు కేబుళ్లున్న హైబ్రిడ్ స్పోర్ట్స్ కారైతే ఆ కేబుళ్ల జోలికి పైన చెప్పిన ఏ పద్ధతితోనూ వెళ్లకూడదు. వాటిలో వందల వోల్టులుంటాయి, ఆ శిక్షణ ఉన్నవాళ్లే ముట్టుకోవాలి.