ఖండన ప్రకటన తర్వాత మిగిలేదెంత? జాత్యహంకార దూషణపై ఫుట్‌బాల్ క్లబ్బుల సేవకు ఒక సమీక్ష

నల్లజాతి ఆటగాడిని స్టేడియంలోనో, ఫోన్ తెర మీదనో ఎవరో జాతి పేరుతో దూషించిన కొద్ది గంటలకే అతని క్లబ్బు నుంచి ఒక ప్రకటన వెలువడుతుంది. జరిగినదాన్ని తీవ్రంగా ఖండిస్తున్నామని, ఆటగాడికి పూర్తి అండగా ఉంటామని, అధికారుల దర్యాప్తుకు సహకరిస్తామని అందులో ఉంటుంది. ఈ మాటల వరస ఎంతగా స్థిరపడిపోయిందంటే, ఆటగాడి పేరూ తేదీ మారిస్తే నిరుటి ప్రకటన ఈ ఏటికి కూడా పనికివస్తుంది. ప్రకటనకు క్లబ్బు పెట్టే ఖర్చేమీ ఉండదు కనుక దాన్ని పక్కన పెట్టి, ఆ తర్వాత క్లబ్బు చేసే పనిని మాత్రమే ఒక సేవగా తీసుకుని ఇక్కడ సమీక్షిస్తున్నాను. ఈ సేవకు మొదటి వినియోగదారుడు దూషణకు గురైన ఆటగాడు. టికెట్ కొనుక్కుని వచ్చి పక్క సీటులోని మనిషి అరుపులు వినవలసి వచ్చిన ప్రేక్షకుడు రెండవవాడు. ఉదాహరణలు ఎక్కువగా ఇంగ్లండ్, ఇటలీ, స్పెయిన్ దేశాలవే తీసుకున్నాను. అక్కడి సంఘటనల్లో విచారణ, శిక్ష, అప్పీలు అన్నీ నలుగురికీ తెలిసేలా జరిగాయి.

ఫిర్యాదు స్వీకరించే ఏర్పాటు వరకు ఇంగ్లండ్ క్లబ్బుల పనితీరు బాగుంది. స్టాండులో ప్రేక్షకులను చూసుకునే సిబ్బందికి, అంటే స్టీవార్డుకు చెప్పవచ్చు, చాలా మైదానాల్లో క్లబ్బు ఇచ్చిన నంబరుకు ఫోన్ నుంచి సందేశం పంపవచ్చు, 1993లో ప్రచారోద్యమంగా మొదలైన ‘కిక్ ఇట్ అవుట్’ సంస్థకు నేరుగా తెలియజేయవచ్చు. సందేశం పంపే పద్ధతిలో ఉన్న సౌకర్యం ఏమిటంటే, దూషిస్తున్న మనిషి కళ్లెదుటే లేచి నిలబడి స్టీవార్డును పిలవవలసిన అవసరం ఉండదు. అయితే ‘మా వెనుక ఎవరో ఏదో అన్నారు’ అని పంపితే దానితో ఎవరూ ఏమీ చేయలేరు. స్టాండు పేరు, బ్లాకు, వరుస, సీటు నంబరు, ఆట ఎన్నో నిమిషంలో జరిగిందన్న వివరం ఉంటే, కంట్రోల్ రూములోని సిబ్బంది ఆ నిమిషపు కెమెరా దృశ్యాన్ని వెతికి తీసి, ఆ సీటు ఎవరి పేరిట అమ్ముడైందో సరిచూడగలుగుతారు. సీజన్ టికెట్టు సీటైతే ఈ పని మరింత సులువు. దాన్ని ఆ రోజుకు మరొకరికి ఇచ్చి ఉంటే మాత్రం చిక్కు మొదటికే వస్తుంది.

ఈ ఏర్పాటుకు అక్కడ చట్టం దన్నుగా ఉంది. మైదానంలో జాత్యహంకార నినాదాలు చేయడం 1991 చట్టంతోనే నేరమైంది. కానీ ఆ చట్టంలో ‘నినాదం’ అంటే కనీసం ఇద్దరు కలిసి చేసేదని రాసుకున్నందువల్ల, ఒంటరిగా కూర్చుని గొంతు చించుకున్నవాడు ఆ చట్టానికి అందకుండా పోయేవాడు. ఈ వింతను సరిదిద్దడానికి 1999 దాకా ఆగవలసి వచ్చింది. ఇప్పుడు కోర్టులు మూడు నుంచి పదేళ్ల వరకు మైదానాలకు రాకుండా నిషేధం విధించగలవు, 2022 చట్టంతో ఆన్‌లైన్ దూషణలు కూడా ఆ పరిధిలోకి వచ్చాయి. 2023 మేలో టాటెన్‌హామ్ ఆటగాడు సన్ హ్యుంగ్ మిన్‌ను హేళన చేస్తూ సైగలు చేసిన క్రిస్టల్ ప్యాలెస్ అభిమానికి అదే ఏడాది మూడేళ్ల నిషేధం పడింది. సేవ సవ్యంగా నడిచినప్పుడు ఇలాగే ఉంటుంది.

అయినా కోర్టు తేల్చేదాకా తమ చేతుల్లో ఏమీ లేదన్నట్టు మాట్లాడే క్లబ్బులు ఉన్నాయి. ఆ వాదన నిలవదని చెల్సీ 2019లో చూపించింది. 2018 డిసెంబరు 8న స్టామ్‌ఫర్డ్ బ్రిడ్జ్ మైదానంలో బంతి అందుకోవడానికి గీత దగ్గరకు వెళ్లిన మాంచెస్టర్ సిటీ ఆటగాడు రహీమ్ స్టెర్లింగ్ మీద ముందు వరుసల్లోని మనుషులు ముఖాలు వికృతంగా చేసుకుని అరిచిన దృశ్యం టీవీలో స్పష్టంగా కనిపించింది. అరుపు కనిపించింది గానీ మాట వినిపించలేదు. పెదవుల కదలికను చదివే నిపుణుల అభిప్రాయాన్ని కూడా పరిగణనలోకి తీసుకుని, తమ విచారణలో జాత్యహంకార దూషణ జరిగే ఉంటుందని తేలిన ఒక వ్యక్తికి క్లబ్బు జీవితకాల నిషేధం విధించింది. అసభ్యంగా, బెదిరింపుగా ప్రవర్తించిన మరో ఐదుగురిని తాత్కాలికంగా బహిష్కరించింది. టికెట్ అమ్మాలా వద్దా అన్నది క్లబ్బు సొంత నిర్ణయం కాబట్టి, నేరం రుజువు కావడానికి కోర్టుకు కావలసినంత సాక్ష్యం దానికి అక్కరలేదు. ఇందులో నాకు కనిపించిన లోపం కాలయాపన ఒక్కటే. కెమెరాకు ఎదురుగా జరిగిన సంఘటనపై నిర్ణయం వెలువడేసరికి ఏడు నెలలు దాటింది, ఆ సీజనే ముగిసిపోయింది.

ఫిర్యాదు తర్వాతి మాట ఇది. దూషణ జరుగుతున్న ఆ నిమిషంలో ఆటగాడికి అందే సేవ దీనికంటే చాలా నాసిగా ఉంది. యూరప్ ఫుట్‌బాల్ సమాఖ్య 2009లోనే మూడంచెల పద్ధతిని నిర్దేశించింది: మొదట ఆట ఆపి మైకులో హెచ్చరించడం, తగ్గకపోతే జట్లను లోపలికి పంపడం, అప్పటికీ తగ్గకపోతే మ్యాచ్‌ను రద్దు చేయడం. కాగితం మీద బాగానే ఉన్న ఈ పద్ధతి మైదానంలో ఎలా ఉంటుందో 2018 డిసెంబరు 26న మిలాన్‌లో తెలిసింది. నాపోలి ఆటగాడు కాలిదు కూలిబలీ మీద కోతి కూతలు మొదలైనప్పుడు ఆట ఆపమని తమ క్లబ్బు మూడుసార్లు కోరిందని కోచ్ కార్లో అంచెలొట్టి చెప్పారు. ఆట ఆగలేదు. చివరికి కూలిబలీయే వెటకారంగా చప్పట్లు కొట్టినందుకు రెడ్ కార్డు చూసి బయటికి నడిచాడు. ఆతిథ్య జట్టు ఇంటర్ రెండు మ్యాచ్‌లు ప్రేక్షకులు లేకుండా ఆడవలసి వచ్చింది, అయితే ఆ రాత్రి మైదానంలో శిక్ష పడినది మాత్రం బాధితుడికే.

పోర్టో ఆటగాడు మూసా మరెగా సంఘటన మరింత బాధ కలిగిస్తుంది, ఎందుకంటే అక్కడ అడ్డుపడినవారు సొంతవాళ్లు. 2020 ఫిబ్రవరి 16న పోర్చుగల్‌లోని గిమరాయిష్‌లో, తాను అంతకుముందు ఆడిన క్లబ్బు మైదానంలోనే, అతడు గోల్ కొట్టి తన చర్మాన్ని చూపిస్తూ స్టాండ్ల వైపు తిరిగాడు. స్టాండ్ల నుంచి కుర్చీలు వచ్చిపడ్డాయి. అతడు ఒక కుర్చీని తీసి నెత్తిన పెట్టుకున్నాడు, రిఫరీ అతనికి పసుపు కార్డు చూపించాడు. కూతలు ఆగకపోవడంతో ఇక ఆడనని బయలుదేరితే, సహచరులు చేతులు పట్టుకుని, ఛాతీకి అడ్డుపడి, వెనక్కి లాగి ఆపబోయారు. వాళ్లకు అతని మీద ద్వేషమేమీ లేదు. ఇలాంటప్పుడు ఏం చేయాలో క్లబ్బు ముందుగా నేర్పకపోతే ఆటగాళ్లకు తోచేది ఆట కొనసాగించడమే. అతడు స్టాండ్లకు రెండు బొటనవేళ్లూ కిందికి చూపి వెళ్లిపోయాడు, మిగిలిన పదిమందీ ఉండిపోయారు. క్లబ్బు మద్దతు ప్రకటన తర్వాత వచ్చింది. దీనికి ఏడేళ్ల ముందు, 2013 జనవరి 3న, ఇటలీలోని చిన్న క్లబ్బు ప్రో పాట్రియాతో స్నేహపూర్వక మ్యాచ్‌లో కెవిన్ ప్రిన్స్ బోటెంగ్ బంతిని స్టాండులోకి తన్ని బయటికి నడిచినప్పుడు ఏసీ మిలాన్ జట్టంతా అతని వెంట నడిచింది. మైదానం విడిచి వెళ్లడం పరిష్కారం కాదని అప్పటి ఫిఫా అధ్యక్షుడు సెప్ బ్లాటర్ అన్నారు. పాయింట్లు పోయే మ్యాచ్ అయితే మిలాన్ అదే పని చేసేదా అని అడిగినవారూ ఉన్నారు. ఆ ప్రశ్నలో న్యాయం ఉంది, కాని నా మార్కులు బోటెంగ్ వెంట నడిచినవారికే.

ఇక తప్పు చేసినవారు తన మనుషులే అయినప్పుడు క్లబ్బు ఏం చేస్తుందన్నది అసలు పరీక్ష. తన ఆటగాడిని ఎవరో అంటే కోపం ఎవరికైనా వస్తుంది. 2019 ఏప్రిల్‌లో ఇటలీలోని కాల్యారిలో గోల్ కొట్టిన యువెంటస్ కుర్రవాడు మొయిజ్ కేన్ మీద కూతలు వచ్చాయి; తప్పు చెరిసగమని సహచరుడు లియొనార్డో బొనుచ్చి అన్నాడు. మరునాడు సర్దుకున్నాడు గానీ, పందొమ్మిదేళ్ల కుర్రవాడికి సొంత జట్టు నుంచి ముందుగా అందిన మాట అదీ. కాల్యారి క్లబ్బుకు ఏ శిక్షా పడలేదు. అదే దేశంలో అదే ఏడాది రోమా, తమ ఆటగాడు జువాన్ జెజుస్‌కు ఇన్‌స్టాగ్రామ్‌లో దూషణలు పంపిన వ్యక్తి గురించి పోలీసులకు తెలియజేసి, అతన్ని తన మ్యాచ్‌లకు జీవితాంతం రానివ్వబోనని చెప్పింది. క్లబ్బు తలచుకుంటే పని ఎంత సూటిగా జరుగుతుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

2023 మే 21న స్పెయిన్‌లోని వాలెన్సియాలో రియల్ మాడ్రిడ్ ఆటగాడు వినిసియస్ జూనియర్‌కు జరిగిన అవమానంలో రెండు ముఖాలూ ఉన్నాయి. గుర్తించిన వ్యక్తులను వాలెన్సియా క్లబ్బు జీవితాంతం నిషేధించింది. స్పెయిన్ ఫుట్‌బాల్ సమాఖ్య స్టాండులో కొంత భాగాన్ని ఐదు మ్యాచ్‌లకు మూసివేసి 45,000 యూరోల జరిమానా విధిస్తే మాత్రం అన్యాయమంటూ అప్పీలుకు వెళ్లింది. శిక్ష మూడు మ్యాచ్‌లకు, 27,000 యూరోలకు తగ్గింది. కొందరు దుండగులు వేరు, మా అభిమానులు వేరు అన్న గీత గీసుకుంటేనే క్లబ్బుకు సుఖం. స్టాండు మూతపడితే ఆ గీత చెరిగిపోతుంది. రియల్ మాడ్రిడ్ ఈ విషయాన్ని విద్వేష నేరంగా ప్రాసిక్యూటర్ కార్యాలయానికి తీసుకెళ్లడం మంచి పని. 2024 జూన్‌లో ముగ్గురికి ఎనిమిది నెలల జైలు శిక్ష, రెండేళ్ల స్టేడియం నిషేధం పడ్డాయి. ఫుట్‌బాల్ మైదానంలో జాత్యహంకార దూషణకు స్పెయిన్‌లో శిక్ష పడడం అదే మొదటిసారి.

నిందితుడు సొంత ఆటగాడే అయితే మంచి క్లబ్బులు కూడా నీళ్లు నములుతాయి. 2011 అక్టోబరులో లివర్‌పూల్ సొంత మైదానం ఆన్‌ఫీల్డ్‌లో మాంచెస్టర్ యునైటెడ్ ఆటగాడు పాట్రిస్ ఎవ్రాను జాతి పేరుతో దూషించినందుకు లివర్‌పూల్ ఆటగాడు లూయిస్ స్వారెజ్‌కు డిసెంబరు 20న ఎనిమిది మ్యాచ్‌ల నిషేధం, 40,000 పౌండ్ల జరిమానా పడ్డాయి. మరునాడే లివర్‌పూల్ జట్టు స్వారెజ్ బొమ్మ ఉన్న టీషర్టులు వేసుకుని వార్మప్‌కు వచ్చింది. అంత పెద్ద క్లబ్బులో, అన్ని టీషర్టులు అచ్చు వేయించి పంచేదాకా ఒక్కరూ ఆగమనలేదా అన్నది ఇప్పటికీ నాకు అర్థం కాని విషయం. 2019లో ఆనాటి ఆటగాడు జేమీ కారగర్ టీవీలో ఎవ్రాకు ఎదురుగా కూర్చుని క్షమాపణ చెప్పాడు. ఆ తర్వాత అప్పటి క్లబ్బు సీఈవో పీటర్ మూర్ నుంచి కూడా తనకు లేఖ అందిందని ఎవ్రా తెలిపాడు. అదే ఆన్‌ఫీల్డ్‌లో 2025 ఆగస్టు 15న బోర్న్‌మత్ ఆటగాడు ఆంట్వాన్ సెమెన్యో తనను దూషించారని రిఫరీకి చెప్పగానే 29వ నిమిషంలో ఆట ఆగింది, కెప్టెన్లతోనూ మేనేజర్లతోనూ రిఫరీ మాట్లాడారు, ఆ వ్యక్తిని గుర్తించి బయటికి పంపారు. పద్ధతి అంటూ ఒకటి ఉన్నప్పుడు ఎవరి మైదానమన్న తేడా తగ్గుతుంది.

టాటెన్‌హామ్‌ది స్వారెజ్ ఉదంతం కంటే ఇటీవలి సంగతి. 2024 జూన్‌లో రోడ్రిగో బెంటంకూర్ ఒక టీవీ కార్యక్రమంలో తన సొంత కెప్టెన్ సన్‌ను ఉద్దేశించి, కొరియన్లంతా ఒకేలా ఉంటారన్న అర్థంలో మాట్లాడాడు. క్షమాపణ చెప్పాడు, సన్ పెద్ద మనసుతో క్షమించాడు, అది వారిద్దరి విషయం. క్లబ్బు మాత్రం సన్ మాట్లాడేదాకా మౌనంగా ఉండి, నవంబరులో ఏడు మ్యాచ్‌ల నిషేధం, లక్ష పౌండ్ల జరిమానా పడ్డప్పుడు శిక్ష ఎక్కువైందని అప్పీలు చేసింది. అప్పీలు వీగిపోయింది. సన్‌ను ప్రేక్షకుడు హేళన చేసినప్పుడు గట్టి చర్య కావాలన్న క్లబ్బు, తన మిడ్‌ఫీల్డర్ బెంటంకూర్ అన్నప్పుడు మ్యాచ్‌ల లెక్క చూసుకుంది.

ఆన్‌లైన్ దూషణల విషయంలో క్లబ్బులను ఎక్కువగా తప్పుపట్టలేను, తలుపు తాళం వారి చేతిలో లేదు. ప్రీమియర్ లీగ్ 2020లో ఆటగాళ్ల కోసం ప్రత్యేక ఫిర్యాదు వ్యవస్థ పెట్టింది, 2021 ఏప్రిల్ 30 నుంచి మే 3 దాకా ఇంగ్లండ్ క్లబ్బులు సామాజిక మాధ్యమాలను బహిష్కరించాయి. ఒక ఆటగాడి ఫొటో కింద వరుసగా పెట్టిన కోతి బొమ్మలపై నేనొకసారి ఒక సంస్థకు ఫిర్యాదు చేస్తే, అవి తమ నియమాలకు విరుద్ధంగా లేవని యంత్రం రాసిన జవాబు వచ్చింది. నాలుగు రోజుల మౌనంతో అలాంటి సంస్థల లెక్కలు మారవు.

ఐదు నక్షత్రాలకుగాను ఫిర్యాదు స్వీకరించే ఏర్పాటుకు మూడున్నర, మైదానంలో ఆటగాడికి దొరికే అండకు రెండు, తమవారి తప్పు మీద చర్యకు ఒకటి ఇస్తున్నాను. సెమెన్యో విషయంలో కనిపించిన వేగం అలవాటుగా మారితే రెండవ అంకె పెరుగుతుంది. మూడవది పెరగాలంటే క్లబ్బులు సీజన్ చివర ఒక కాగితం విడుదల చేయాలి: ఎన్ని ఫిర్యాదులు వచ్చాయి, ఎంతమందిని గుర్తించారు, ఎన్ని టికెట్లు రద్దు చేశారు, సొంత ఆటగాళ్ల మీద, సిబ్బంది మీద వచ్చినవి ఎన్ని, వాటిని ఎలా తేల్చారు. గేటు వసూళ్లను పైసాతో సహా లెక్కగట్టగలిగినవారికి ఈ లెక్క కష్టమేమీ కాదు.