సిరంజా, ట్యూబా, మాత్రా? తిండి మానేసిన జబ్బు పిల్లికి ఏది మేలు

ఈమధ్య నాకొచ్చే ఫోన్లలో సగం ఒకటే ప్రశ్న. "మా పిల్లికి కిడ్నీ జబ్బండీ. మొన్నటి నుంచి గిన్నె వైపే చూడట్లేదు. సిరంజితో పట్టిస్తున్నాం. మీరేమో ట్యూబు వేయించారట. ఏది మేలు?" మా పిల్లి సున్నుండ మెడకి తిండి పోసే ట్యూబుతో పదకొండు వారాలు ఇల్లంతా తిరిగాడని తెలిసిన దగ్గర్నుంచి పిల్లులున్న ప్రతి ఇంటికీ నేనే దిక్కైపోయాను. నేను డాక్టర్ని కాను. పదమూడేళ్ళ పిల్లి, మూడో దశ కిడ్నీ జబ్బు, తొమ్మిది రోజుల తిప్పలు: నా చదువంతా ఇదే.

సీకేడీ (ఏళ్ళ తరబడి సాగే కిడ్నీ జబ్బు) అంటే ఏమిటో, రక్తపరీక్షలో కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ ఎంతుండాలో మీకు ఈపాటికి కంఠతా వచ్చే ఉంటుంది. అవి వదిలేస్తాను. గడియారం సంగతి మాత్రం చెప్పాలి. కుక్క రెండు రోజులు పస్తున్నా తట్టుకుంటుంది. పిల్లి అలా కాదు. తిండి లేకపోతే ఒంట్లోని కొవ్వు కరిగి లివర్ మీద పడుతుంది, లివర్ దాన్ని మోయలేక చతికిలబడుతుంది. మూడు నాలుగు రోజుల్లోనే ఇది మొదలుకావచ్చు, బొద్దుగా ఉన్న పిల్లికి ముప్పు ఇంకా ఎక్కువ. చెవి లోపలి భాగం, చిగుళ్ళు పసుపుపచ్చగా మారాయంటే అప్పటికే ఆలస్యమైనట్టు. కాబట్టి ఒక రోజు తినకపోతే డాక్టరుకి ఫోను, రెండో రోజు కూడా తినకపోతే బుట్టలో పెట్టుకుని ఆటో ఎక్కడమే. షుగరుండి ఇన్సులిన్ తీసుకునే పిల్లి అయితే ఆ ఒక్క రోజు కూడా ఆగకండి. తిననప్పుడు మామూలు మోతాదు ఇన్సులిన్ ఇవ్వొచ్చా లేదా అన్నది డాక్టరునడిగాకే.

ఇక పద్ధతులు. అన్నిటికంటే ముందు అందరూ చేసేది బుజ్జగింపు. తడి తిండిని గోరువెచ్చగా చేసి, వాసన పైకి లేచేలా వేళ్ళకి రాసి నాకించడం. చెయ్యండి, తప్పులేదు. మా అత్తయ్యగారు "పెరుగన్నం కలిపి పెట్టమ్మాయ్, చిన్నప్పటి నుంచీ అదేగా వాడి ప్రాణం" అన్నారు. పెట్టాను. మూడు సార్లు నాకి వెళ్ళిపోయాడు. చేప ఉడికించిన నీళ్ళు పనిచేస్తాయి, ఉల్లి, వెల్లుల్లి తగలనంత వరకే. కూరలోంచి తీసిన ముక్క కడిగి పెట్టినా వద్దు, అవి పిల్లి రక్తాన్ని పాడుచేస్తాయి. ఎండు నెత్తళ్ళలో ఉప్పు దండిగా ఉంటుంది. ఇంకొక మాట: కిడ్నీ డైట్ డబ్బా మొదటిసారి విప్పడానికి ఇది సమయం కాదు. కడుపులో తిప్పుతున్నప్పుడు పెట్టిన తిండిని పిల్లి జన్మలో మళ్ళీ ముట్టకపోవచ్చు. ఈ రోజుకి ఏది తింటే అదే డైట్.

రెండోది సెలైన్. దీన్ని పద్ధతి అనడం కూడా నాకిష్టం లేదు, కానీ మన వైపు "సెలైన్ ఎక్కిస్తే బలమొస్తుంది" అన్న నమ్మకం మనుషుల నుంచి పిల్లుల దాకా పాకింది. మేం మొదట వెళ్ళిన క్లినిక్‌లో నాలుగు రోజులు వరసగా అదే ఎక్కించి పంపారు. రింగర్ లాక్టేట్‌లో నీళ్ళు, లవణాలు ఉంటాయి, తిండి ఉండదు. 5 శాతం డెక్స్‌ట్రోజ్ 100 మి.లీ. ఎక్కించినా అందులో ఉండేది 5 గ్రాముల చక్కెర, అంటే ఇరవై కేలరీలు కూడా కావు. కిడ్నీ పిల్లికి నీరు కావాలి, నిజమే. ఎండిపోయిన ఒంటికి ఆకలి పుట్టదు, అదీ నిజమే. కానీ సెలైన్ ఎక్కుతోంది కదా అని తిండి సంగతి పక్కన పెడితే, ఆ నాలుగు రోజులూ లివర్ ఖాతాలో పడ్డట్టే.

ఆకలి పుట్టించే మాత్రల సంగతికొస్తే, నాకు వీటి మీద కోపమూ లేదు, భ్రమా లేదు. మన దగ్గర ఎక్కువగా రాసేది మిర్టాజపిన్. మనుషులకి దిగులు తగ్గడానికి ఇచ్చే మాత్రే. పిల్లికి 15 మి.గ్రా. మాత్రలో ఎనిమిదో వంతు, కిడ్నీ జబ్బుంటే రోజు విడిచి రోజు. ఎనిమిదో వంతు కోయడం నా చేత కాలేదు. పెద్ద ముక్క పడ్డట్టుంది, ఆ రాత్రంతా వాడు గదులన్నీ తిరుగుతూ ఎవరో తరుముతున్నట్టు అరిచాడు. 7.5 మి.గ్రా. మాత్ర దొరికితే పావు చేస్తే సరిపోతుంది, చెయ్యి అంత తప్పదు. అమెరికాలో ఉన్న మా చెల్లెలికైతే మాత్ర కోసే బాధే లేదు. అక్కడ ఇదే మందు చెవికి రాసే పూతగా 2018 నుంచి ఉంది. కిడ్నీ పిల్లుల బరువు పెరగడానికి కాప్రోమొరెలిన్ అనే నోటి చుక్కల మందు కూడా 2020లో వచ్చింది. ఆకలి కోసమే సైప్రోహెప్టడిన్ అనే ఇంకో మాత్ర కొందరు వాడతారు. కానీ మిర్టాజపిన్ ఎక్కువైనప్పుడు దానికి విరుగుడుగా ఇచ్చేదే అది. రెండూ కలిపి ఇవ్వడమంటే ఒకే గదిలో హీటరూ ఏసీ వెయ్యడమే.

మాత్ర పనిచేస్తే ఒకటి రెండు రోజుల్లోనే తెలిసిపోతుంది. అంతకు మించి ఎదురుచూడకండి. ఇంకో ముఖ్యమైన విషయం, పిల్లి ఎందుకు తినట్లేదో చూడాలి. గిన్నె దగ్గరికి వచ్చి, వాసన చూసి, పెదాలు నాక్కుని, గుటక వేసి మొహం తిప్పుకుంటే అది ఆకలి లేకపోవడం కాదు, వికారం. దానికి వికారం తగ్గించే మారోపిటాంటో ఒండాన్‌సెట్రానో ముందు పడాలి. వాంతి వస్తున్నవాడి ముందు విస్తరి పరిచి లాభమేంటి? మలబద్ధకం, నోట్లో పుండు, రక్తంలో పొటాషియం పడిపోవడం, వీటిలో ఏది ఉన్నా మాత్ర ఒక్కటే ఏమీ చెయ్యలేదు. మా వాడు తల ఎత్తలేక గడ్డం ఛాతీకి ఆనించి కూర్చుంటే నేను నీరసం అనుకున్నాను. అది పొటాషియం తగ్గిన గుర్తు.

ఇప్పుడు అసలు పోటీ. సిరంజి, ట్యూబు.

సిరంజి ముందు లెక్క చూడండి. బరువుని ముప్ఫైతో హెచ్చవేసి డెబ్బై కలిపితే రోజుకి కనీసం కావలసిన కేలరీలు వస్తాయి. మా వాడు అప్పటికి 3.4 కిలోలు. అంటే 170 పైచిలుకు. జబ్బు పిల్లులకిచ్చే మెత్తటి రికవరీ డబ్బా తిండిలో మి.లీ.కి దాదాపు ఒక కేలరీ. సిరంజిలోంచి జారడానికి నీళ్ళు కలిపితే మొత్తం 200 మి.లీ. దాటుతుంది. 5 మి.లీ. సిరంజితో నలభై సార్లు! రోజూ! అందులో సగం నా డ్రెస్సు మీద, పావు గోడ మీద. మిగిలిందే వాడి కడుపులోకి. నేను డైరీలో "150 ఇచ్చాను" అని రాసుకున్న రోజున కూడా బరువు తగ్గిందంటే కారణం అదే. తల వెనక్కి వంచకుండా, బుగ్గ పక్కనుంచి కొంచెం కొంచెంగా, మింగాకే మళ్ళీ. అలా కాకుండా తొందరపడితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది, అది ఇంకో జబ్బు.

ఇదంతా ఓపికుంటే గట్టెక్కేదే. నన్ను ఓడించింది వేరే. నాలుగో రోజు పొద్దున వంటింట్లో నేను డబ్బా మూత లాగిన చప్పుడుకి సున్నుండ మంచం కిందికి దూరాడు. అదే చప్పుడుకి పదమూడేళ్ళుగా తోక నిలబెట్టుకుని కాళ్ళకి చుట్టుకున్న పిల్లి! ఆరో రోజుకి నేను గదిలోకి వస్తే వాడు బయటికి. పట్టించేటప్పుడు చుట్టే తువ్వాలు కనిపిస్తే చాలు, చొంగ కార్చడం. తిండి అంటే భయం, తిండి పెట్టే చెయ్యి అంటే ఇంకా భయం. పిల్లిని మళ్ళీ తనంతట తాను తినేలా చెయ్యాలని కదా ఇదంతా? నేనేమో రోజుకి నలభై సార్లు తినొద్దని పాఠం చెబుతున్నాను. పద్ధతి ఎంచుకునేటప్పుడు కేలరీలు, ఖర్చు, మన ఓపిక అన్నీ చూసుకోండి. కానీ నా దృష్టిలో తేల్చాల్సింది ఒకటే: ఈ పద్ధతి పిల్లి నోటిని దాని ఇష్టానికి వదిలేస్తుందా, లేదా?

ముక్కులోంచి వేసే సన్నటి గొట్టం ఒకటుంది. పూర్తి మత్తు అక్కర్లేదు, నీళ్ళలాంటి తిండి మాత్రమే పోతుంది, కొద్ది రోజులకే పనికొస్తుంది, పిల్లి తుమ్మితే ఊడొచ్చు. మత్తు తట్టుకోలేనంత నీరసంగా ఉంటే ముందు దీనితో నాలుగు రోజులు నిలబెడతారు. అంతే.

మెడకి వేసే ట్యూబు అనగానే అందరికీ గుండె జారుతుంది. మా అమ్మ అయితే "ముసలిప్రాణాన్ని ఎందుకే అలా కోయించడం" అని రెండు రోజులు నాతో మాట్లాడలేదు. జరిగేది ఇదీ: కొద్దిసేపు మత్తు, మెడకి ఎడమ పక్కన చిన్న గాటు, అక్కణ్ణుంచి అన్నవాహికలోకి మెత్తటి గొట్టం, నాలుగు కుట్లు, సరైన చోట ఉందో లేదో చూడ్డానికి ఒక ఎక్స్‌రే. సాయంత్రానికి ఇంటికొచ్చాం. రెండు రోజులు మెడ తిప్పుకుని చిరాకు పడ్డాడు. తర్వాత గొట్టం ఉన్న సంగతే మరిచి కిటికీ గట్టు ఎక్కాడు.

రోజుకి ఐదు సార్లు, ఒక్కోసారి 40 మి.లీ. పైన. రికవరీ తిండిని మిక్సీలో తిప్పి, టీ జల్లెడలో వడకట్టి, గోరువెచ్చగా, పావుగంట పట్టేలా నెమ్మదిగా. ముందూ వెనకా కాసిన్ని నీళ్ళతో గొట్టం కడగాలి. మొదటి రోజే పూర్తి మోతాదు వద్దు. పస్తున్న ఒంట్లోకి ఒక్కసారిగా తిండి పోస్తే రక్తంలో ఫాస్ఫరస్, పొటాషియం దబ్బున పడిపోతాయి. మొదటి రోజు మూడో వంతు, మూడు రోజుల్లో పూర్తిగా. ఇంకో లాభం నేను ఊహించనిది: మందులన్నీ అందులోంచే. నీళ్ళు కూడా అందులోంచే, దాంతో చర్మం కింద సూది గుచ్చి నీరెక్కించే పని చాలావరకు తప్పింది. నేను పోస్తుంటే వాడు నా ఒళ్ళో నిద్రపోయేవాడు. మంచం కింద దూరిన పిల్లి!

ట్యూబు వేసిన తొమ్మిదో రోజున నా పళ్ళెంలోని ఉడికించిన కోడి ముక్క వాసన చూసి ఒక పంటి కొరికాడు. గొట్టం ఉన్నా పిల్లి నోటితో తినొచ్చు, తింటుంది కూడా.

చిక్కులు లేవని కాదు. గాటు చుట్టూ చీము పట్టవచ్చు, రోజూ తుడిచి గుడ్డ మార్చాలి. ఒకసారి మాత్ర సరిగా నూరకుండా పోసి గొట్టం మూసుకుపోయేలా చేశాను. గోరువెచ్చని నీళ్ళు సిరంజితో ముందుకీ వెనక్కీ లాగుతూ అరగంట కూర్చుంటే తెరుచుకుంది. వాంతి చేసుకుంటే గొట్టం లోపలి కొస నోట్లోకి రావచ్చు. అలా అనుమానం వస్తే చుక్క కూడా పొయ్యకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. ఖర్చంటారా, మాకు అయినది అంతకుముందు సెలైన్ల కోసం తిరిగిన ఖర్చుకి అటూ ఇటూ.

అయితే అన్ని ఊళ్ళలో, అన్ని క్లినిక్‌లలో ఇది వెయ్యరు. ఫోన్‌లోనే "మెడకి ఫీడింగ్ ట్యూబు వేస్తారా, ఎక్స్‌రే ఉందా" అని అడిగి కదలండి. దగ్గర్లో దొరక్కపోతే రాజేంద్రనగర్, గన్నవరం, తిరుపతి పశువైద్య కళాశాలల ఆసుపత్రుల్లో వాకబు చెయ్యండి. అది కుదిరేలోగా రెండు మూడు రోజులు సిరంజి తప్పదు. సిరంజిని తనంతట తాను నాకే మంచిబిడ్డ అయితే నిక్షేపంగా దాంతోనే కానివ్వండి. ఆగని వాంతులున్నా, రక్తం గడ్డకట్టే ఇబ్బందున్నా ట్యూబు వద్దనవచ్చు, అది డాక్టరు చూసి చెప్పాలి.

ఇంకో సందర్భం ఉంది, అది ఫోన్‌లో చెప్పడం కష్టం. ట్యూబు వేసే ముందు మా డాక్టరు గారు నన్ను అడిగారు, "ఇది దేనికోసం వేస్తున్నామో అనుకున్నారా?" అని. సున్నుండకి అప్పుడు మూత్రంలో ఇన్‌ఫెక్షన్, దాంతో కిడ్నీలు ఒక్కసారిగా దిగజారాయి, అది తగ్గితే మళ్ళీ కోలుకునే వీలుంది. అందుకే సరే అన్నారు. మా పెద్దమ్మ కూతురి పిల్లికి అలా లేదు. నాలుగో దశ, ఏ మందుకీ లొంగని స్థితి. అక్క ట్యూబూ వేయించలేదు, సిరంజీ పట్టలేదు. వికారానికి సూది వేయించి, ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తన నిర్ణయం తప్పని నేను అనను. అక్కడ కూడా నోటిని వదిలేయడమే కదా జరిగింది.

మా వాడికి గొట్టం తీసి ఐదు నెలలైంది. కుట్లు కత్తిరించి లాగేశారు, కన్నం దానంతటదే పూడింది. ఇప్పుడు 3.9 కిలోలు. ప్రతి ఆదివారం వాణ్ణి ఎత్తుకుని తూకం మీద నిలబడి, వాడి బరువు లెక్కేసి గోడ మీద క్యాలెండర్లో రాస్తున్నాను. మళ్ళీ తిండి మానేస్తే ఈసారి తొమ్మిది రోజులు సిరంజితో కుస్తీ పట్టను, ఆ మాట డాక్టరు గారికి ఇప్పుడే చెప్పి ఉంచాను. రెండోసారి ట్యూబు వేయించాలా, అక్కలా ఒళ్ళో పెట్టుకుని కూర్చోవాలా అన్నది మాత్రం ఆ రోజు రక్తపరీక్ష చూసి గానీ చెప్పలేను.