మన్రో మోత కావాలంటే మెలికకు డబ్బు పెట్టకండి: ఈస్ట్‌మన్ ఎండీ-305 మాండలిన్ సమీక్ష

బ్లూగ్రాస్ (అమెరికా జానపద బాణీ తీగవాద్య సంగీతం) వాయించడానికి మొదటి మంచి మాండలిన్ కొనబోతున్నవాళ్లకు ముందే తీర్పు చెప్పేస్తాను. ఈస్ట్‌మన్ ఎండీ-305 తీసుకోండి, ఎండీ-315 జోలికి పోకండి. రెండూ చైనాలో తయారవుతాయి. రెండింటికీ పైపలక చెక్కి తీసిన స్ప్రూస్, వెనక, పక్కలు మేపుల్, అంతా అసలు చెక్కే, ప్లైవుడ్ కాదు. మెడ మీది పట్టీ నల్లచేవ, నట్ (మెడ పైచివర తీగలు ఆనే బద్ద) ఎముకది, దాని వెడల్పు 28.6 మి.మీ. తేడా ఒంటి ఆకారంలోనే ఉంది. 305 నీటిబొట్టులా సాదాగా ఉంటుంది, దాన్ని ఎ-మోడల్ అంటారు. 315కి పైభుజం దగ్గర చెక్క మెలిక, కింద రెండు కొసలు ఉంటాయి, అది ఎఫ్-మోడల్. ఆ మెలిక చెక్కడానికే కొన్ని వందల డాలర్లు ఎక్కువ వసూలు చేస్తారు. దాని మీద జనానికి ఇంత మోజు పుట్టించిన మనిషి బ్లూగ్రాస్‌కు ఆద్యుడు బిల్ మన్రో. అందుకని ముందు ఆయన వాద్యం సంగతి చూడాలి.

మన్రో 1911లో కెంటకీలోని రోజీన్‌లో పుట్టారు. అన్నలు బర్చ్, చార్లీ ఫిడేలు, గిటార్ ముందే పట్టేసుకోవడంతో చిన్నవాడికి మాండలిన్ మిగిలింది. మరీ మోత పెట్టకుండా ఎనిమిది తీగల్లో నాలుగు తీసేసి వాయించమన్నారట అన్నలు. తరువాత బ్లూ గ్రాస్ బాయ్స్ బృందంలో అదే వాద్యం మొత్తం పాటకు తాళం నడిపింది. మేనమామ పెన్ వాండివర్ ఫిడేలు, నల్లజాతి గిటారిస్టు ఆర్నాల్డ్ షుల్ట్స్ బ్లూస్ రెండూ ఆ కుడిచేతిలో వినబడతాయి. జోరుగా పైనుంచి కిందికే కొట్టే వరసలు, నడుమ ఒక్కసారిగా వణికే ట్రెమొలో, కావాలనే కాస్త గరుకుగా వదిలేసిన స్వరాలు. నున్నగా వాయించడం ఆయనకు రాక కాదు, అక్కర్లేక.

ఆయన వాయించినది 1923 జూలై 9 తేదీతో గిబ్సన్ కంపెనీ వాద్యాల రూపకర్త లాయిడ్ లోర్ సంతకం ఉన్న ఎఫ్-5 మాండలిన్. 1940ల నడిమధ్యలో మయామీలో ఒక క్షౌరశాల కిటికీలో కనబడితే 150 డాలర్లకు కొన్నారు. 1985లో ఎవరో ఇంట్లో చొరబడి దాన్ని ముక్కలు చేస్తే, గిబ్సన్‌లో పనిచేసే చార్లీ డెరింగ్టన్ ఆ పుల్లముక్కలన్నీ ఏరి అతికి మళ్లీ పలికించారు. 1996లో మన్రో పోయారు. ఆ మాండలిన్ ఇప్పుడు నాష్‌విల్‌లోని కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్ మ్యూజియంలో ఉంది. అన్ని ముక్కలు అతికించాక కూడా అది మన్రో మాండలిన్ లాగే మోగిందంటే, ఆ మోతలో చెక్క వాటా ఎంత, చేతి వాటా ఎంత అన్నది ఎవరికి వారు లెక్కేసుకోవచ్చు.

చెక్క వాటా తక్కువేం కాదు. అది మెలికలో లేదు, అంతే. అంతకుముందటి గిబ్సన్ మాండలిన్లకు తీగల కింద అండాకారపు రంధ్రం ఉండేది. ధ్వని గుండ్రంగా, తియ్యగా ఉండి, బాంజో పక్కన చేరగానే మునిగిపోయేది. 1922లో వచ్చిన ఎఫ్-5లో లోర్ నాలుగు పనులు చేశారు. ఫిడేలుకున్నట్టు రెండు ఎఫ్-రంధ్రాలు పెట్టి, పలక నడిమి భాగం కోతపడకుండా ఉంచారు. లోపల పొడుగునా రెండు బద్దెలు అతికించారు. మెడను పొడిగించి 15వ మెట్టు దగ్గర ఒంటితో కలిపారు, దాంతో బ్రిడ్జి (మన వీణ, ఫిడేలు వాళ్ల మాటల్లో గుర్రం) పలక మధ్యకు జరిగింది. మెట్ల పట్టీని పలకకు తగలకుండా పైకి లేపారు. మీటగానే ఠపీమని పలికి, అంతే తొందరగా ఆగిపోయే స్వరం అలా వచ్చింది. ఆ తొందరగా ఆగడమే బ్లూగ్రాస్‌కు ప్రాణం.

లోర్ 1924 చివర్లో గిబ్సన్ వదిలేశారు. ఆయన సంతకం ఉన్న ఎఫ్-5లు కొన్ని వందలు మాత్రమే, ధర లక్ష డాలర్లు ఎప్పుడో దాటింది. ఆయన సంతకంతో మెలిక లేని ఎ-5 ఒక్కటే వెలుగులోకి వచ్చింది. దాని లోపలి పనీ ఎఫ్-5 పనే. ఎఫ్-మోడల్ మెలిక దగ్గర ఉన్నది చాలావరకు గట్టి చెక్క దిమ్మె, అది కంపించదు. భుజాన వేసుకునే పటకా తగిలించుకోవడానికి మాత్రం బాగుంటుంది. ఎ-మోడల్‌కు పటకాను తల కింద కట్టుకోవాలి, లేదా మెడ మొదట్లో గుండీ బిగించుకోవాలి. నిలబడి వాయించేవాళ్లకు ఎఫ్ వల్ల ఉన్న లాభం ఇదొక్కటే.

ఇప్పటి మాండలిన్ వాద్యకారుల్లో క్రిస్ థీలీని గమనించండి. చాలా ఏళ్లు లిన్ డూడెన్‌బోస్టెల్ చేసిన కొత్త మాండలిన్ వాయించి, తరువాత 1924 నాటి లోర్ ఎఫ్-5కు మారారు. రెండింటిలోనూ కళ్లు మూసుకుని పోల్చుకోగలిగింది ఆయన మీటునే: ఒకటి కిందికి, ఒకటి పైకి, వేగం ఎంత పెరిగినా ఆ క్రమం తప్పదు. మన్రో గరుకుదనానికి ఇది పూర్తిగా ఎదురు దారి. నా ఓటు మన్రోకే, కానీ నేర్చుకునేవాళ్లు థీలీ మణికట్టు చూడటం మంచిది.

ఇక 305 దగ్గరికి వద్దాం. దీన్ని పరీక్షించాల్సింది చాప్‌తో. రెండో, నాలుగో దెబ్బ మీద తీగలను తెగ్గొట్టినట్టు కొట్టే మీటు అది. జి కార్డుకు (కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి పలికించే పట్టు) జి తీగ మీద 7వ మెట్టు, డి మీద 5, ఎ మీద 2, ఇ మీద 3 పట్టండి. ఖాళీ తీగ ఒక్కటీ లేదు కాబట్టి ఎడమచేతి పట్టు సడలించగానే మొత్తం ఆగిపోవాలి. వేళ్లు తీగల మీదినుంచి లేవకూడదు, ఒత్తిడి మాత్రమే వదలాలి. లేచిపోతే ఖాళీ తీగలు గొణుగుతాయి. దెబ్బ మణికట్టు నుంచి రావాలి. భుజం నుంచి వస్తే పది నిమిషాల్లో చెయ్యి పట్టేస్తుంది, తాళం వెనకబడుతుంది. 305లో ఈ చాప్ పొడిగా, గట్టిగా వస్తుంది. ఎ, ఇ తీగలు పదునుగా ఉన్నాయి. జి తీగల దగ్గర మాత్రం లోతు తక్కువ. ఖరీదైన వాద్యంలో కడుపులోంచి వచ్చే ఆ 'ధుమ్' ఇక్కడ 'టక్' దగ్గరే ఆగుతుంది. వాయించేకొద్దీ కాస్త తెరుచుకుంటుంది గానీ, అద్భుతాలు ఆశించకండి.

ఈ ధర మాండలిన్లు ఏ కంపెనీవైనా పెట్టెలోంచి తీయగానే వాయించడానికి సిద్ధంగా ఉండవు. చాలామంది వాద్యాన్ని తిట్టుకునేది సెటప్ (వాయించడానికి అనువుగా సరిచేయడం) చేయించకపోవడం వల్లే. వరస ముఖ్యం. మొదట మెడ వంపు చూడండి. జి తీగను 1వ మెట్టు, 15వ మెట్టు దగ్గర నొక్కి పట్టి, 7వ మెట్టు మీద సందు చూస్తే 0.1 నుంచి 0.2 మి.మీ. ఉండాలి. ఎక్కువుంటే మెడ లోపలి కడ్డీని పావు తిప్పు చొప్పున బిగించండి, ఒకేసారి అరతిప్పు వద్దు. తరువాత బ్రిడ్జి పాదాలు. వాటి కిందికి ఎక్కడైనా కాగితం దూరుతోందంటే పాదం పలక వంపుకు సరిపోలేదని అర్థం, సగం ధ్వని అక్కడే పోతుంది. పలక మీద గరుకు కాగితం పరిచి పాదాన్ని రుద్ది సరిచెయ్యాలి. ఈ పని తెలిసినవాళ్ల చేత చేయించడమే మేలు.

ఆ తరువాత ఎత్తు. 12వ మెట్టు మీద జి తీగ 2 మి.మీ., ఇ తీగ 1.5 మి.మీ. ఉంటే సరి. ఇంకా దించితే చాప్ కొట్టినప్పుడల్లా తీగలు మెట్లకు తగిలి జరజరమంటాయి. బ్రిడ్జి చక్రాలు తిప్పేముందు తీగలు వదులు చెయ్యండి, లేకపోతే మర చెడుతుంది. నట్ గాళ్లు చాలావాటిల్లో పైకే ఉండిపోతాయి. 2, 3 మెట్ల మధ్య నొక్కినప్పుడు 1వ మెట్టు మీద కాగితమంత సందు చాలు. ఎక్కువుంటే మొదటి మెట్ల దగ్గర శ్రుతి పెరిగి వినబడుతుంది, వేళ్లూ నొస్తాయి.

చివర్లో బ్రిడ్జి చోటు. అది పలకకు అతికించి ఉండదు, తీగల ఒత్తిడికే నిలబడుతుంది. 12వ మెట్టు మీద నొక్కిన స్వరం, అక్కడే వేలు ఆనించి మీటిన స్వరం కంటే ఎక్కువ పలికితే బ్రిడ్జిని తోక (తీగల కింది కొసలు కట్టే చోటు) వైపు జరపండి, తక్కువ పలికితే మెడ వైపు. తీగలు మార్చేటప్పుడు అన్నీ ఒక్కసారి విప్పితే బ్రిడ్జి ఊడి పడుతుంది, ఈ కొలతంతా మళ్లీ మొదటికి వస్తుంది. జత తరువాత జత మార్చండి. శ్రుతి చేసేకొద్దీ బ్రిడ్జి తల మెడ వైపు వాలుతుంది, అప్పుడప్పుడు నిటారుగా నిలబెట్టాలి. బ్రిడ్జికీ తోకకూ మధ్యనున్న తీగ ముక్కలు ఈలలాగా మోగుతుంటే, చిన్న తోలు పట్టీ వాటి మధ్య అల్లితే పోతుంది.

తీగలు డడారియో ఈజే-74 వెయ్యండి. కొలతలు అంగుళాల్లో .011, .015, .026, .040. మాండలిన్ మీద ఎనిమిదింటి లాగుడూ కలిపి 80 కిలోలకు దగ్గరగా ఉంటుంది, వేళ్లు మొదట్లో మండుతాయి. తేలికైన ఈజే-73 వేస్తే నొప్పి తగ్గుతుంది, చాప్‌లో బరువూ తగ్గుతుంది. పిక్ (తీగలు మీటే బిళ్ల) 1.4 మి.మీ. మందం, మూలలు గుండ్రం. గిటార్ పల్చటి పిక్‌తో వాయిస్తే ఎంత మంచి మాండలిన్ అయినా చికచికమంటుంది. థీలీ పేరుతో బ్లూచిప్ కంపెనీ అమ్మే సీటీ-55 సుమారు ఇదే మందం. ఒక పిక్‌కు అంత డబ్బా అనిపిస్తుంది, నిజమే. ముందు మామూలు మందపాటి పిక్‌తో ఆరు నెలలు కానివ్వండి.

అమెరికాలో కొని ఇంటికి తెచ్చుకునేవాళ్లు గాలిలో తేమ సంగతి చూసుకోవాలి. ఈ చెక్కకు 40 నుంచి 55 శాతం తేమ హాయి. విశాఖ, కాకినాడల్లో వానాకాలం తేమకు పైపలక ఉబ్బి తీగలు పైకి లేస్తాయి, బ్రిడ్జి చక్రాలు కాస్త దించాల్సి వస్తుంది. హైదరాబాద్ మే నెల ఎండకు పలక ఎండి కుంగుతుంది, తీగలు మెట్లకు తగులుతాయి. పగుళ్ల భయం అప్పుడే ఎక్కువ. పెట్టెలో చిన్న తేమమీటరు పెట్టి, వానల్లో సిలికా పొట్లాలు, ఎండల్లో తడి స్పాంజి ఉన్న డబ్బా మార్చుకుంటూ ఉండండి. విమానంలో తెచ్చేటప్పుడు తీగలు ఒక స్వరం దించి, తల కింద మెత్తటి గుడ్డ పెట్టండి. ఎక్కువగా విరిగేది అక్కడే.

మాండలిన్ అనగానే పాలకొల్లు యు. శ్రీనివాస్ గుర్తొచ్చేవాళ్లకు ఒక హెచ్చరిక. ఆయన వాయించినది ఎలక్ట్రిక్, తీగలు అయిదే, జతలు లేవు. ఆ గమకాలు ఒంటి తీగను లాగి తెప్పించినవి. 305 మీద బిగువైన జంట తీగలను అలా లాగితే రెండూ రెండు శ్రుతుల్లోకి పోతాయి, జారు సగంలోనే తెగుతుంది. పైగా శ్రుతి జి-డి-ఎ-ఇ, పడమటి ఫిడేలుదే. కర్ణాటక సంగీతం కోసమైతే ఇది కొనకండి.

సెకండ్‌హ్యాండ్‌లో దొరికితే కొత్తదానికంటే లాభమే, కానీ మూడు చోట్ల చూడండి. తోక వైపునుంచి పలకను కంటి ఎత్తున పెట్టి చూస్తే బ్రిడ్జి కింద గుంత కనబడకూడదు. మెడ కడ్డీని బిగించే మర అప్పటికే చివరిదాకా బిగిసి ఉండకూడదు. మెడ, ఒళ్లు కలిసేచోట వార్నిష్ మీద సన్నటి గీత కనబడితే, అది వార్నిష్‌కే పరిమితమా, అతుకు తెరుచుకుందా అని తీగలు బిగించి, వదిలి రెండుసార్లు చూడండి. బిగించినప్పుడు గీత వెడల్పయితే ఎంత తక్కువకిచ్చినా వద్దు.