మనవరాలు ఎవరి రిటర్న్‌లో ఉండాలి: వీటా ఉచిత పన్ను సహాయ కేంద్రంలో మా అనుభవం

2024 ఆదాయానికి అమెరికాలో ఫెడరల్ పన్ను రిటర్న్ వేయవలసిన సమయానికి మా ఇంట్లో ఐదుగురం ఉన్నాం. నేను, నా భార్య, ఏప్రిల్‌లో ఉద్యోగం పోయి ఇంటికి తిరిగివచ్చిన 27 ఏళ్ల కొడుకు, విడాకుల తరువాత కమ్యూనిటీ కాలేజీలో ఫుల్‌టైమ్ చదువుతున్న 23 ఏళ్ల కూతురు, ఆమెకు నాలుగేళ్ల పాప. ఇంటి అద్దె, సరుకులు, కారు ఇన్సూరెన్సు, పాప డేకేర్ ఫీజు అన్నీ మా ఇద్దరి జీతాల మీదే నడిచాయి కనుక, ముగ్గురూ నా డిపెండెంట్లే, అంటే నా రిటర్న్‌లో నా మీద ఆధారపడినవారిగా చూపదగినవారే, అవుతారని నేను అనుకున్నాను. పోషించినవాడికే పేరు రాసుకునే హక్కు ఉంటుందన్నది మనలో చాలామంది నమ్మకం. ఆ నమ్మకం ఎంతవరకు నిజమో, ఎక్కడ తప్పుతుందో మాకు ఓపికగా విడమరిచి చెప్పింది మా పబ్లిక్ లైబ్రరీలో ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు నడిచే వీటా కేంద్రం. ఈ సమీక్ష దాని గురించే.

అక్కడికి వెళ్లే ముందు డబ్బు తీసుకుని రిటర్న్‌లు తయారుచేసే ఒకరి దగ్గరకు వెళ్లాం. ఆయన మా డబ్ల్యూ-2లు (యజమాని ఇచ్చే ఏడాది జీతపు పత్రాలు), పిల్లల సోషల్ సెక్యూరిటీ నంబర్లు తీసుకుని ఇరవై నిమిషాల్లో పని ముగించారు. కొడుకును, కూతురిని నా రిటర్న్‌లో డిపెండెంట్లుగా చూపి, ఒక్కొక్కరికి 500 డాలర్ల చొప్పున క్రెడిట్, అంటే పన్నులో నేరుగా తగ్గింపు, వేశారు. కూతురికి వేరే రిటర్న్ తయారుచేసి, మనవరాలిని అందులో పెట్టారు. సంతకం చేసే ముందు రెండు రిటర్న్‌లూ పక్కపక్కన పెట్టి చూస్తే, నా దానిలో కూతురు డిపెండెంట్‌గా ఉంది, ఆమె రిటర్న్‌లో మాత్రం "మిమ్మల్ని మరొకరు డిపెండెంట్‌గా చూపవచ్చు" అనే గడిలో టిక్కు లేదు. ఒకే మనిషి గురించి రెండు కాగితాలు రెండు రకాలుగా చెబుతున్నాయి. వాటిని అలాగే పంపి ఉంటే రెండవది ఈ-ఫైలింగ్‌లో తిరస్కరణకు గురయ్యే అవకాశం ఉండేది. పిల్లల క్రెడిట్లు చూపే ప్రతి రిటర్న్‌కూ, డబ్బు తీసుకుని తయారుచేసేవారు ఫారం 8867 అనే తనిఖీ పత్రం నింపాలి, అందుకు తగిన ప్రశ్నలు అడిగి జవాబులు రాసుకోవాలి అన్నది చట్టం. మమ్మల్ని అడిగిన ప్రశ్న ఒక్కటీ లేదు. ఫీజు చెల్లించి, సంతకం చేయకుండా బయటికి వచ్చాం.

వీటా అంటే అమెరికా పన్ను శాఖ ఐఆర్‌ఎస్ ఆధ్వర్యంలో వాలంటీర్లు ఉచితంగా రిటర్న్ తయారుచేసి ఇచ్చే కార్యక్రమం. మేము వెళ్లిన సీజన్‌లో సాధారణంగా 67,000 డాలర్ల లోపు ఆదాయం ఉన్నవారికి ఈ సేవ దొరికింది. మా ఇద్దరి జీతాలు కలిపి 64,500 డాలర్లు కనుక మాకు అవకాశం కుదిరింది. అరవై దాటినవారి కోసం టీసీఈ అనే మరో కార్యక్రమం కూడా ఉంది.

కేంద్రంలో మాకు సహాయం చేసినావిడ ముందు కంప్యూటర్ తెరవలేదు. ఫారం 13614-సి అనే ప్రశ్నాపత్రాన్ని బల్ల మీద పరిచి, ఇంట్లోని ఒక్కొక్కరి పేరు మీద పెన్సిల్ మొన ఆనించి, ఒకరి సంగతి పూర్తిగా తేలేవరకు మరొకరి దగ్గరకు వెళ్లలేదు. డిసెంబర్ 31 నాటికి వయసెంత, మీ ఇంట్లో ఎన్ని నెలలు ఉన్నారు, ఎన్ని నెలలు ఫుల్‌టైమ్ చదివారు, ఏడాదిలో ఎంత సంపాదించారు, ఆ సంపాదన వారి ఖర్చులో సగానికి మించిందా అని అడుగుతూ పోయారు. ఇంత సేపు మా కుటుంబం గురించి ఒక అపరిచితురాలు శ్రద్ధగా వినడం నాకు ఎంతో గౌరవంగా తోచింది. డిపెండెంట్ల విషయంలో ఈ సేవకున్న అసలు విలువ ఈ ప్రశ్నల్లోనే ఉందని నా అభిప్రాయం, ఎందుకంటే చట్టం డిపెండెంట్లను రెండు వేర్వేరు తరగతులుగా చూస్తుంది, ఎవరు ఏ తరగతిలోకి వస్తారో ఈ ప్రశ్నలు అడగకుండా తెలియదు.

మొదటి తరగతి క్వాలిఫైయింగ్ చైల్డ్. ఏడాది చివరికి 19 ఏళ్లు నిండనివారు, ఏడాదిలో కనీసం అయిదు నెలల్లో ఫుల్‌టైమ్ చదివి 24 నిండనివారు, శాశ్వతమైన పూర్తి వైకల్యం ఉంటే ఏ వయసువారైనా ఇందులోకి వస్తారు. మనతో సగం ఏడాదికి మించి ఉండాలి, తమ పోషణలో సగానికి మించి తామే భరించి ఉండకూడదు. కన్నబిడ్డలతో పాటు మనవలు కూడా ఈ తరగతిలోకి రావచ్చు. రెండవ తరగతి క్వాలిఫైయింగ్ రిలేటివ్. ఇక్కడ వయసు అడ్డం కాదు, కానీ 2024లో వారి ఆదాయం 5,050 డాలర్ల లోపే ఉండాలి, వారి పోషణలో సగానికి మించి మనమే భరించి ఉండాలి.

కూతురు ఒక దుకాణంలో పార్ట్‌టైమ్ పనిచేసి 8,400 డాలర్లు సంపాదించింది. ఆ అంకె చూసి నేను కంగారుపడ్డాను. కానీ ఆమె మొదటి తరగతిలోకి వస్తుంది, ఆ తరగతిలో సంపాదనకు పరిమితి లేదు, పోషణలో సగం ఆమె భరించిందా అన్నదే ప్రశ్న. ఆ లెక్క తేల్చడానికి ఆవిడ పోషణ వర్క్‌షీట్ తీశారు. మా ఇంట్లో ఆమె ఉంటున్న గదికి బయట ఎంత అద్దె పలుకుతుందో, తిండి ఖర్చులో ఆమె వాటా ఎంతో, పుస్తకాలు, మందులు ఎంతో వరుసగా రాయించారు. స్కాలర్‌షిప్‌ను విద్యార్థి సొంత పోషణగా లెక్కించరని కూడా అక్కడే తెలిసింది. అన్నీ కూడితే ఆమె భరించింది సగం కంటే చాలా తక్కువే.

కొడుకు దగ్గర మాత్రం లెక్క తారుమారైంది. ఏప్రిల్ వరకు వచ్చిన జీతం 21,300 డాలర్లు, ఆ పైన నిరుద్యోగ భృతి, అది కూడా ఆదాయమే. వయసు రీత్యా అతను రెండవ తరగతిలోకే రావాలి, అక్కడ 5,050 దాటితే తలుపు మూసుకున్నట్టే. "ఎనిమిది నెలలు నేనే కదా పోషించాను" అన్నాను, కొంచెం గట్టిగానే. ఆవిడ విసుక్కోకుండా, పోషణ పరీక్ష, ఆదాయ పరీక్ష రెండూ నెగ్గాలని, ఒకటి నెగ్గితే చాలదని పుస్తకంలో చూపించారు. బాధ కలిగింది, కానీ కొడుకు ఉన్నమాట చెప్పాడు: "నాన్నా, నాలుగు నెలలు నేను సంపాదించిన మాట నిజమే కదా." అతని రిటర్న్ అతనే వేసుకున్నాడు.

మనవరాలి దగ్గరే ఆవిడ ఎక్కువ సేపు ఆగారు. బిడ్డ విషయంలో తల్లికి, తాతకు మధ్య పోటీ వస్తే తల్లికే ముందు హక్కు. తల్లి వదులుకున్నా, తాత సవరించిన స్థూల ఆదాయం (చట్టం అనుమతించే కొన్ని తగ్గింపుల తరువాత మిగిలే మొత్తం), బిడ్డను చూపే అర్హత ఉన్న తల్లిదండ్రులలో ఎవరి ఆదాయం కంటే అయినా ఎక్కువగా ఉంటేనే ఆయన చూపుకోవచ్చు. అయితే మా ఇంట్లో పోటీ వరకు వెళ్లనవసరం లేకపోయింది, ఎందుకంటే మరొకరికి డిపెండెంట్ అయిన వ్యక్తి తన రిటర్న్‌లో ఎవరినీ డిపెండెంట్‌గా చూపకూడదు. కూతురు మాకు డిపెండెంట్ అయిన క్షణమే పాపను చూపే అర్హత ఆమెకు పోయింది. పాపను చూపే హక్కును మాజీ అల్లుడికి వదిలిపెట్టే ఫారం 8332 మీద కూతురు సంతకం చేసిందా అని కూడా అడిగి, చేయలేదని నిర్ధారించుకున్నాకే పాప పేరు మా రిటర్న్‌లో రాశారు. పాపకు 17 ఏళ్ల లోపు పిల్లలకు 2024లో ఇచ్చిన 2,000 డాలర్ల చైల్డ్ టాక్స్ క్రెడిట్, కూతురికి 500 వచ్చాయి. సుమారు 3,775 డాలర్ల పన్ను 1,275కు తగ్గింది. మొదటి ఆయన వేసిన లెక్కలో తగ్గింది 1,000 మాత్రమే, అందులోనూ కొడుకు పేరిట వేసిన 500 మాకు చెందనిది.

తయారైన రిటర్న్‌ను మరో వాలంటీర్ మొదటి నుంచి చదివి, మాతో ఒక్కొక్క పేరూ సరిచూసుకున్న తరువాతే పంపారు. పాప డేకేర్ నుంచి మా చిరునామాతో ఒక ఉత్తరం తెచ్చి దాచుకోమన్నారు, ఐఆర్‌ఎస్ అడిగితే ఎవరు ఎక్కడ నివసించారో రుజువు చూపవలసింది మనమే కనుక.

లోపాలు లేకపోలేదు. అపాయింట్‌మెంట్ కోసం మూడు వారాలు ఆగాం. జాయింట్ రిటర్న్ కనుక ఇద్దరమూ ఒకే రోజు సెలవు పెట్టవలసి వచ్చింది, అందరి సోషల్ సెక్యూరిటీ కార్డులూ తీసుకువెళ్లాలి. ఇండియాలో ఇల్లు అద్దెకిచ్చినవారికి ఈ కేంద్రం పనికిరాదు, అద్దె ఆదాయం సాధారణంగా దీని పరిధిలోకి రాదు. ఇండియాలో ఉన్న మనవలకు ప్రతి నెలా డబ్బు పంపే ఒక స్నేహితుడు నన్ను అడిగాడు. ఆ పిల్లలు అమెరికా పౌరులో, ఇక్కడి నివాసులో కాకపోతే పంపిన డబ్బు ఎంతైనా డిపెండెంట్లుగా చూపడం కుదరదని కేంద్రంవారు స్పష్టంగా చెప్పారు.

కూతురికి 2025లో 24 నిండుతాయి. కాపీలు పెట్టి ఇచ్చిన కవరు మీద ఆవిడ ఆ మాట రాసి, కింద గీత గీశారు. ఇక ఆమె రెండవ తరగతి మనిషి, ఆ ఏడాది పరిమితి 5,200 డాలర్లు. అది దాటితే ఆమె ఎవరికీ డిపెండెంట్ కాదు, పాపను చూపే మొదటి హక్కు ఆమెకే తిరిగివస్తుంది, క్రెడిట్ ఎవరి రిటర్న్‌లో ఉంటే ఇంటికి మేలో రెండు విధాలా లెక్కకట్టి చూడాలి. ఆమె పే స్టబ్‌లు అదే కవరులో వేస్తున్నాం. ఈసారి అపాయింట్‌మెంట్‌కు ఆమెనూ మాతో తీసుకువెళ్తాం.