పాత సీళ్లు చేతికివ్వమనండి: తుమకూరు మట్టి ర్యాలీకి అయిదు రోజుల ఖర్చూ కష్టమూ

ర్యాలీలో రెండో స్టేజి (దారి మూసి, కార్లని ఒక్కోటిగా పంపి సమయం కొలిచే ముక్క) ముగించి, జట్లు కార్లు బాగుచేసుకునే సర్వీస్ పార్కులోకి వచ్చి చూస్తే వెనక కుడి షాకబ్జర్ అడుగుదాకా నూనె కారి ఉంది. దాని మీద ఎర్రమట్టి పేరుకుని, బొబ్బట్టుకి పిండి అద్దినట్టు కనబడింది. నాలుగు షాకబ్జర్లూ విప్పి సీళ్లు, నూనె, గ్యాస్ అన్నీ మార్చామని బెంగళూరులో ఒక వర్క్‌షాపు ఒక్కోదానికి 6,500 చొప్పున 26,000 పుచ్చుకుంది. అప్పటికి పది రోజులు కూడా కాలేదు. ఈ రాతలో సగం ఆ 26,000 కోసమే.

కారు పోలో 1.6. డ్రైవింగ్ నాది, నావిగేటర్ కర్నూలు నుంచి వచ్చిన మా బావ, మేస్త్రీ హిందూపురం మనిషి, అతని కింద ఒక కుర్రాడు. జాతీయ ర్యాలీ ఛాంపియన్‌షిప్‌లో పేరున్న రౌండ్లు చాలావరకు దక్షిణాదివే. చెన్నై వాళ్ల సౌత్ ఇండియా ర్యాలీ, బెంగళూరు కె-1000, చిక్కమగళూరు, కొడగు. చిక్కమగళూరు అందం చూసి అక్కడే మొదలుపెడదామనుకునే కొత్తవాళ్లకి నా మాట: వద్దు. కాఫీ తోటల్లో దారి ఇరుకు, అంచున సిల్వర్ ఓక్ మాన్లు, పక్కన లోతు కాలవలు. అరడుగు తప్పితే కారు మిగలదు. శని, ఆదివారాల్లో టూరిస్టుల వల్ల గది అద్దెలు రెట్టింపు. తుమకూరు జిల్లా దారులు కాస్త విశాలంగా, ఎర్రమట్టి, కంకర కలిసి ఉంటాయి. బెంగళూరు 70 కిలోమీటర్లే కాబట్టి సామాను తక్కువైతే మనిషిని అక్కడ కారు విడిభాగాల షాపులుండే జె.సి. రోడ్డుకి పంపి తెప్పించుకోవచ్చు. ఆదివారం మాత్రం అక్కడ చాలా షాపులు మూసి ఉంటాయి. క్లచ్ ప్లేటో యాక్సిలో కొనాలనుంటే శనివారం సాయంత్రంలోపే కొనేయండి.

షాకబ్జర్ల సంగతికొస్తా. ర్యాలీలో వాడే మోనోట్యూబ్ రకంలో ఒక పక్క నూనె, ఇంకో పక్క గట్టి ఒత్తిడితో నైట్రోజన్, రెంటి మధ్య తేలే పిస్టన్ ఉంటాయి. కంకర దారిలో రాడ్డు ఆగకుండా లోపలికీ బయటికీ కొట్టుకుంటుంది. ఆ రాపిడికి నూనె వేడెక్కి పలచబడుతుంది. గ్యాస్ ఒత్తిడి సరిగ్గా ఉంటే నూనె నూనెలాగే ఉంటుంది. తగ్గిందా, బుడగలు కడుతుంది, బుడగలున్న నూనె దేన్నీ ఆపదు. పదకొండు కిలోమీటర్ల స్టేజిలో మొదటి నాలుగు బాగానే పోయి, ఏడో కిలోమీటరు నుంచి కారు వెనక భాగం పడవలా ఊగడం మొదలైతే అర్థం ఇదే. మాకు సరిగ్గా అలాగే అయింది. నేను టైరు పంచరేమో అనుకున్నాను. బావ మాత్రం ముందొచ్చే మలుపుల నోట్స్ చదవడం ఆపకుండానే “వెనక చచ్చింది” అన్నాడు.

వర్క్‌షాపు మోసం మేస్త్రీ కళ్లకి రెండు నిమిషాల్లో పట్టుబడింది. ముందు రెండిటికీ పై గ్లాండ్ నట్టు (రాడ్డు బయటికొచ్చే చోట ట్యూబుని మూసే నట్టు) మీద పానా పట్టిన తాజా గీతలున్నాయి, వెనక రెండిటికీ ఒక్క గీతా లేదు. వెనకవాటి నైట్రోజన్ వాల్వు మూత సందుల్లో గట్టిపడిన పాత మట్టి. దుమ్ము సీలు అంచు పగిలి ఉంది. “అన్నా, వీటిని కడిగి రంగేశారు, అంతే” అన్నాడు. అంటే రెండిటి పని చేసి నాలుగిటి డబ్బు తీసుకున్నారు.

అందుకే షాకబ్జర్ రీబిల్డుకి ఇచ్చే ముందు గ్లాండ్ నట్టు మీద నుంచి ట్యూబు మీదకి పెయింటుతో ఒక గీత గీయండి. నట్టు విప్పితే గీత తెగాలి. తిరిగి తీసుకునేటప్పుడు పాత సీళ్లు, పాత దుమ్ము సీళ్లు లెక్కపెట్టి చేతికి తీసుకోండి. నాలుగు షాకబ్జర్లకి నాలుగు సెట్లు రావాలి. “చెత్తలో పడేశాం సార్” అంటే నమ్మొద్దు, మనం వస్తామని తెలిసి ఎవరూ పడేయరు. తర్వాత అక్కడే బల్ల మీద రాడ్డుని నిదానంగా పూర్తిగా లోపలికి నొక్కి వదలండి. ఒంటి బరువంతా వేయాల్సి రావచ్చు. వదిలాక తనంతట తాను, ఒకే వేగంతో పూర్తిగా బయటికి రావాలి. దిశ మారే చోట సెంటీమీటరు మేర ఖాళీగా జారినట్టనిపిస్తే లోపల గాలి చేరినట్టే. రాడ్డు మీద గోటికి తగిలేంత గీత ఉంటే కొత్త సీలు వేసినా నిలవదు, రాడ్డే మార్చాలి. ఇవన్నీ చూడ్డానికి పావుగంట పడుతుంది. మేం ట్రాఫిక్కుకి భయపడి ఆ పావుగంట మిగుల్చుకున్నాం.

సర్వీసు 30 నిమిషాలు. పోలోలో వెనక స్ప్రింగు వేరు, షాకబ్జర్ వేరు కాబట్టి స్ప్రింగు కదపకుండానే మార్చొచ్చు. అదొక్కటే మా అదృష్టం. మా దగ్గర మామూలు కారుకి వచ్చే కంపెనీ షాకబ్జర్ల జత ఒకటి ఉంది. ఒకటే కారుతున్నా రెండూ మార్చాం. ఎడమ ఒక రకం, కుడి ఒక రకం ఉంటే బ్రేకు వేసినప్పుడు కారు వంకరపోతుంది. కంపెనీ షాకబ్జర్‌కి కింద రబ్బరు బుష్షు ఉంటుంది. చక్రం గాల్లో వేలాడుతుండగా ఆ బోల్టు పూర్తిగా బిగిస్తే, కారు దించగానే బుష్షు మెలి తిరిగి త్వరగా చిరుగుతుంది. జాకీతో వెనక ఇరుసు బీము కింద ఎత్తిపట్టి, కారు నిలబడే ఎత్తుకి తెచ్చాకే చివరి బిగింపు. కుర్రాడు తొందరలో మర్చిపోబోతే మేస్త్రీ నెత్తిన మొట్టాడు. ఇద్దరూ సాయంత్రందాకా మాట్లాడుకోలేదు.

పని 19 నిమిషాల్లో అయింది. సర్వీసులో చివరి ఏడెనిమిది నిమిషాలు ఎవరూ కారు కింద ఉండకూడదన్నది మా లెక్క. ఆ సమయం చక్రాల బిగింపుకి (పోలోకి 120 న్యూటన్ మీటర్లు), అద్దం తుడవడానికి, నావిగేటర్ టైమ్ కార్డు (మన సమయాలు రాసే కార్డు) చూసుకోవడానికి. టైమ్ కంట్రోల్‌కి (ఆ కార్డు మీద సమయం వేయించుకునే చోటికి) ఆలస్యమైతే నిమిషానికి 10 సెకన్లు పెనాల్టీ, ముందే చెక్‌ఇన్ చేస్తే నిమిషానికి ఏకంగా నిమిషం. కొత్తవాళ్లు ఆలస్యానికి భయపడి ముందే వెళ్లి కార్డు ఇచ్చేసి బోల్తా పడతారు. చెక్‌ఇన్ నిమిషానికి ఒక నిమిషం ముందు నుంచీ కంట్రోల్ మొదలయ్యే చోటి పసుపు బోర్డు దాటొచ్చు, కార్డు మాత్రం మన నిమిషం మొదలయ్యాకే ఇవ్వాలి. ఇంకో మాట: పోలో చక్రాలకి నట్లు కాదు, 17 సైజు బోల్టులు. చీకట్లో, దుమ్ములో చక్రం మోకాలి మీద పెట్టుకుని బోల్టు రంధ్రం వెతకడం నరకం. స్టడ్లు (చక్రం తగిలించి నట్లు బిగించుకునేలా నిలిచి ఉండే మరకడ్డీలు) వేయించుకోండి, మాకు 4,200 అయింది. ఈ యాత్రలో పెట్టిన రూపాయల్లో అత్యుత్తమమైనవి అవే.

బస సంగతి. తుమకూరులో ఫోను మీద మాట్లాడుకున్న లాడ్జి రోజుకి గదికి 1,800, మూడు గదులు. “కారు, బండి అన్నీ పడతాయి సార్, పెద్ద గేటు” అన్నాడు. వెళ్లి చూస్తే గేటు మీద సిమెంటు కమాను. కారు ఎక్కించిన ఫ్లాట్‌బెడ్ లారీ దానికింద పట్టదు. రాత్రి పదకొండుకి రోడ్డు మీదే కారు దించి, సైలెన్సరు లేనంత చప్పుడుతో లోపలికి నడిపాం. వీధి వీధంతా లేచింది. వేడి నీళ్లు ఉదయం ఆరు నుంచి ఎనిమిది. మేం లేవాల్సింది నాలుగుంబావుకి. ఖాళీ చేసేటప్పుడు నేల మీద నూనె మరకలకి రోజుకి 500 చొప్పున రెండు రోజులకి వెయ్యి వసూలు చేశాడు. మరక ఉంది, కాదనను. కానీ మేం టార్పాలిన్ పరిచాం, మరక ఉన్నది దాని బయట, అది కారు నిలబెట్టిన చోటు కూడా కాదు. బావ వాదించాడు, కన్నడం రాక తెలుగులోనే. ఎదుటివాడు కూడా తెలుగులోనే జవాబిచ్చాడు, పావగడ మనిషట. ఆ తాలూకా తుమకూరు జిల్లాదే అయినా దాదాపు చుట్టూ ఆంధ్రా నేలే, చాలామంది ఇంట్లో మాట్లాడేది తెలుగే. భాష కలిసినంత మాత్రాన వెయ్యి తిరిగి రాలేదనుకోండి.

మూడో రాత్రికి మేస్త్రీ ఒక కల్యాణ మంటపం పట్టాడు. ఆషాఢం. పెళ్లిళ్లు లేవు, మంటపాలన్నీ ఖాళీ. రోజుకి 7,000. లాడ్జి కంటే పదహారు వందలు ఎక్కువే, ఒప్పుకుంటా. కానీ ఫ్లాట్‌బెడ్ నేరుగా లోపలికొచ్చింది, కారు కడగడానికి బోరు నీళ్లు, వంటవాళ్ల కోసం వేసిన ఫ్లడ్ లైట్లు, నూనె పడినా అడగని బండల నేల, పెళ్లికొడుకు గదిలో గీజరు. ర్యాలీ జట్టుకి ఇంతకంటే మంచి సర్వీస్ స్టేషను బెంగళూరులో కూడా దొరకదు. ఆషాఢంలోనో మూఢంలోనో రౌండు పడితే లాడ్జీల జోలికి పోకండి.

రెక్కీ (పోటీకి ముందు దారి చూసి నోట్స్ రాసుకోవడం) గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు, రెండు రోజులు హాయిగా గడిచాయి. మామూలు కారుతో ఒక్కో స్టేజి రెండుసార్లు. మొదటిసారి నేను చెప్పడం, బావ రాయడం. రెండోసారి ఆయన చదవడం, నేను సరిచేయడం. రోడ్డు అప్పటికి అందరిదీ, ఎద్దుల బళ్లూ ట్రాక్టర్లూ వస్తాయి, వేగం వద్దు. నోట్స్ తెలుగులో రాద్దామని ఒకప్పుడు చూశాం. “కుడి” రెండక్షరాలు, “ఎడమ” మూడు. మలుపు మీద మలుపు వచ్చే చోట ఆ ఒక్క అక్షరమే వెనకబెడుతుంది. ఇప్పుడు లెఫ్టూ రైటే. ఒక్క నియమం: కారులో “సరే” అనడానికి “రైట్” అనకూడదు. ఎందుకో మొదటి చెట్టు చెబుతుంది.

టైర్లు చల్లగా ఉన్నప్పుడు ముందు 28 పౌండ్లు, వెనక 26 గాలి పెట్టాం. తక్కువ గాలికి పట్టు బాగుంటుంది, కానీ బండరాయి తగిలితే రిమ్ముకీ రాయికీ మధ్య టైరు నలిగి చస్తుంది. రెండోసారి అదే స్టేజికి వెళ్లేటప్పటికి ముందు కార్లు అడుగున రాళ్లు పైకి తేల్చి ఉంటాయి, అప్పుడు 2 పౌండ్లు పెంచాలి. పంచరైతే ఎక్కడ ఆగాలన్నది ముందే ఒప్పందం చేసుకోండి: మూడు కిలోమీటర్లలోపు మిగిలితే అలాగే లాగించడం, ఆరు దాటితే దిగి మార్చడం, మధ్యలో అయితే నావిగేటర్ మాట. దిగితే ముందు వెనక వచ్చే కార్లకి మాకేం కాలేదని చెప్పే ఓకే బోర్డు చూపించడం, వెనక 50 మీటర్ల దూరంలో ఎర్ర త్రికోణం పెట్టడం. జాకీ పట్టుకునేది ఆ తర్వాతే.

తిండి విషయంలో తుమకూరు మనసు దోచింది. ఊరి మొదట్లో క్యాత్సంద్రలో తట్టె ఇడ్లీ. మనకి తట్ట అంటే బుట్ట, వాళ్లకి తట్టె అంటే పళ్లెం. నిజంగానే చిన్న పళ్లెమంత ఇడ్లీ, పైన వెన్నముద్ద, పక్కన కారం చట్నీ. రెండు తింటే మధ్యాహ్నందాకా ఆకలి లేదు, మనిషికి 60. రెండో రోజు ఒక చిన్న హోటల్లో రాగి ముద్ద, సొప్పు సారు (ఆకుకూర చారు) 90. మేస్త్రీకి రెండు రోజుల తర్వాత అప్పుడే ముఖం వికసించింది. “ఇది మా సంగటే అన్నా, నీళ్లు కొంచెం తక్కువ పోశారు” అని మూడో ముద్ద వేయించుకున్నాడు. స్టేజికి వెళ్లే డ్రైవరు మాత్రం ఒక్క ముద్దతో ఆపాలి. బెల్టులు బిగించాక పొట్టలో చోటుండదు.

మిగతా మూడు స్టేజిలు మెత్తటి వెనక షాకబ్జర్లతో. ఎత్తు దాటి కారు గాల్లోకి లేచే చోటల్లా ముందు పక్కే ముందు దిగేది, వెనక రెండుసార్లు తన్నేది. బావ ప్రతి క్రెస్టు (ఎత్తు) ముందూ “లిఫ్ట్”, అంటే యాక్సిలరేటర్ వదలమని, కలిపి చదివాడు. మా లెక్కన కిలోమీటరుకి 4 సెకన్లు పోయాయి. ఫినిష్ చేశాం.

పెట్రోలు 118 లీటర్లు, అప్పుడు లీటరు 102 రూపాయల 92 పైసలు. ఫ్లాట్‌బెడ్ రానూపోనూ 9,000. బెంగళూరులో సరుకు బళ్లకి రద్దీ గంటల్లో ఆంక్షలుంటాయి కాబట్టి తెల్లవారకముందే బెంగళూరు శివారు నెలమంగల దాటేయమని డ్రైవరే చెప్పాడు. ఆ ఒక్క మనిషీ చెప్పిన రేటుకే వచ్చి, టీ కూడా తనే ఇప్పించాడు.

వర్క్‌షాపుకి ఫొటోలు పంపితే మూడు రోజుల తర్వాత “వెనక రెండూ ఫ్రీగా మళ్లీ చేస్తాం” అన్నారు. డబ్బు అడిగాం. 13,000లో 8,000 తిరిగొచ్చింది. షాకబ్జర్లు ఈసారి కోయంబత్తూరు వెళ్లాయి, నట్టు మీద గీతతో. పెయింటు దొరక్క మా అక్క గోళ్లరంగు వాడాం, మెరూన్. గీత తెగి తిరిగి రావాలని బావ రోజూ ఫోను చేసి అడుగుతున్నాడు.